లిటరేచర్ పరీక్షకు సిద్ధమవుతున్న పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

ఇంగ్లండ్‌లో ఇయర్ 10, ఇయర్ 11 చదువుతున్న మీ అందరినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. లెక్కలకు, సైన్స్‌కు ఎలా ప్రాక్టీస్ చేయాలో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. పాత పేపర్ తీస్తారు, చేస్తారు, తప్పులు దిద్దుకుంటారు. జీసీఎస్ఈ (ఇయర్ 11 చివర రాసే పబ్లిక్ పరీక్ష) ఇంగ్లిష్ లిటరేచర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది రివిజన్ గైడ్ ముందేసుకుని, హైలైటర్‌తో గీతలు గీస్తూ కూర్చుంటారు. పేజీలు తిరుగుతాయి, అంతా వచ్చేసినట్టే ఉంటుంది. తీరా మాక్ పరీక్షలో పెన్ను పట్టుకుంటే మొదటి వాక్యమే కదలదు. పుస్తకం మూసి, చేత్తో రాసి చేసే ప్రాక్టీసే ఈ సబ్జెక్టులో పనికొస్తుంది. దానికి కావలసిన సామగ్రి అంతా అందుబాటులోనే ఉంది, చాలావరకు ఉచితంగా.

ముందుగా మీ స్కూల్లో ఏ బోర్డు పరీక్షో తెలుసుకోండి. ఏక్యూఏ, పియర్సన్ ఎడెక్సెల్, ఓసీఆర్, ఎడ్యుకాస్ అని నాలుగున్నాయి. పాఠ్యపుస్తకాలు కొన్ని కలిసినా ప్రశ్న అడిగే తీరు, మార్కుల పంపకం వేరు. నేనిక్కడ ఎక్కువమంది రాసే ఏక్యూఏ లెక్కనే చెబుతాను. మొదటి పేపర్ 1 గంట 45 నిమిషాలు, 64 మార్కులు: షేక్స్‌పియర్ నాటకం ఒకటి, 19వ శతాబ్దపు నవల ఒకటి. రెండో పేపర్ 2 గంటల 15 నిమిషాలు, 96 మార్కులు: ఆధునిక నాటకం లేదా నవల, క్లాసులో చదివిన కవితలు, చివర ముందెప్పుడూ చూడని కవితలు. పుస్తకాలు లోపలికి తీసుకువెళ్లనివ్వరు.

ఇప్పుడున్న ఈ పద్ధతిలో పరీక్షలు మొదలైంది 2017లో. అంతకు ముందు పేపర్లు వేరే సిలబస్‌వి, వాటి జోలికి వెళ్లకండి. కోవిడ్ వల్ల 2020, 2021 వేసవుల్లో మామూలు పరీక్షలు జరగలేదు. కాబట్టి అసలైన పాత పేపర్లు మీరనుకున్నన్ని లేవు. మార్చిలోపే అన్నీ చూసేసి, ఏప్రిల్‌లో కొత్త ప్రశ్న కోసం వెతుక్కునే పిల్లలుంటారు. రెండు మూడు పేపర్లు ముట్టుకోకుండా చివరికి దాచుకోండి. ఈలోగా ప్రశ్నలు మీరే తయారుచేసుకోవచ్చు. నాటకం ఎక్కడో ఒకచోట తెరిచి ఇరవై, ముప్పై పంక్తులు తీసుకోండి. ‘ఈ ప్రసంగంతో మొదలుపెట్టి, నాటకం మొత్తంలో అపరాధ భావాన్ని రచయిత ఎలా చూపించాడు’ అనే తీరులో ఒక ప్రశ్న రాసుకోండి. ఏ పంక్తుల మీద ఏ ప్రశ్న అడగొచ్చో ఆలోచించడమే సగం రివిజన్.

గైడ్ మళ్లీ మళ్లీ చదవడం ఎందుకు నిలవదో చూపించిన ప్రయోగం ఒకటుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేశారు. కొందరు విద్యార్థులు ఒక వ్యాసాన్ని మళ్లీ మళ్లీ చదివారు, మరికొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే, చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. ఆ ఐదు నిమిషాల ధీమాయే మనల్ని మోసం చేస్తుంది.

అందుకే తెల్లకాగితంతో మొదలుపెట్టండి. ఒక పాత్ర పేరో, ఒక విషయమో పైన రాసి, పది నిమిషాలు గుర్తున్నదంతా నల్ల పెన్నుతో రాయండి. అప్పుడు పుస్తకం తెరిచి, వదిలేసినవి ఆకుపచ్చ పెన్నుతో చేర్చండి. రేపు చదవాల్సింది ఆ ఆకుపచ్చ రాతనే. నాలుగు రోజులాగి అదే పేరుతో మళ్లీ తెల్లకాగితం తీయండి.

కొటేషన్ల గురించి అందరికీ టెన్షనే. ఇంటర్నెట్‌లో వంద కొటేషన్ల జాబితాలు దొరుకుతాయి, వాటిని వల్లె వేస్తూ కూర్చోవద్దు. చిన్నవి, ఒకదానితో ఒకటి ముడిపడినవి ఏరుకోండి. షేక్స్‌పియర్ నాటకం ‘మాక్‌బెత్’ చదివేవాళ్ల కోసం ఒక ఉదాహరణ చెబుతాను. రెండో అంకంలో, తన ప్రోద్బలంతో భర్త మాక్‌బెత్ రాజును చంపాక, నెత్తురంటిన చేతుల్ని చూసుకుంటూ లేడీ మాక్‌బెత్ అంటుంది: ‘ఎ లిటిల్ వాటర్ క్లియర్స్ అజ్ ఆఫ్ దిస్ డీడ్.’ కాసిన్ని నీళ్లతో పోతుందట. ఐదో అంకంలో అదే మనిషి నిద్రలో నడుస్తూ, చేతులు రుద్దుకుంటూ ఏడుస్తుంది: ‘ఆల్ ద పర్‌ఫ్యూమ్స్ ఆఫ్ అరేబియా విల్ నాట్ స్వీటెన్ దిస్ లిటిల్ హ్యాండ్.’ అరేబియా అత్తర్లన్నీ పూసినా ఈ చిన్న చేతి వాసన పోదట. రెండు చోట్లా ‘లిటిల్’ ఉంది చూడండి. మొదట చిన్నవి నీళ్లు, చివరికి చిన్నది ఆమె చెయ్యి. నేరాన్ని తేలిగ్గా తీసిపారేసిన మాటే తిరిగొచ్చి ఆమెను నిస్సహాయురాలిగా నిలబెట్టింది. ఇంకో సంగతి, రెండో అంకంలో ఆమె మాటలు పద్యంలో ఉంటాయి, నిద్రలో నడిచే రంగంలో వచనంలోకి జారిపోతాయి. మనసు మీద పట్టు తప్పిందని ఆ రూపమే చెబుతోంది. ఈ రెండు వాక్యాలూ నోటికొస్తే అపరాధ భావం, పాత్రలో మార్పు, భార్యాభర్తల బంధం, వీటిలో ఏది అడిగినా చేతిలో సరుకుంటుంది.

కొటేషన్ అక్షరం పొల్లుపోకుండా గుర్తురాకపోయినా కంగారు పడకండి. ఆ సన్నివేశాన్ని కచ్చితంగా చెప్పగలిగితే దానికీ మార్కులుంటాయి.

ఇక మార్కుల పద్ధతి. షేక్స్‌పియర్ ప్రశ్నకు 30 మార్కులు, స్పెల్లింగ్, వ్యాకరణాలకు మరో 4. ఆ 30లో ప్రశ్నకు తగిన వాదన, దానికి ఆధారాలు కలిపి 12, రచయిత భాషను, నిర్మాణాన్ని విడమర్చి చెప్పడానికి 12, నాటి కాలంతో ముడిపెట్టడానికి 6. ఆ 6 మార్కుల కోసం మన పిల్లలు పేరా పేరా చరిత్ర రాసేస్తారు. ఆ నాటకం నాటి ఇంగ్లండ్ రాజు జేమ్స్, ఆయన్ని చంపడానికి 1605లో పన్నిన గన్‌పౌడర్ కుట్ర, మంత్రగత్తెల భయం, అన్నీ ఒకచోట కుమ్మరించడం వల్ల లాభం లేదు. పైన చెప్పిన నెత్తురు మరకనే తీసుకోండి. రాజు దేవుడి ప్రతినిధి అని నమ్మే ప్రేక్షకులకు రాజహత్య మహాపాపం, పాపం నీళ్లతో పోదు. ఆమెను చూసిన వైద్యుడు కూడా, ఈమెకు వైద్యుడికన్నా మతగురువు అవసరం ఎక్కువ అంటాడు. ఇలా రాస్తే కాలం సంగతి వాదనలోనే కలిసిపోతుంది.

ఈ సంగతులన్నీ బోర్డు వెబ్‌సైట్‌లోని మార్క్ స్కీముల్లో (దేనికెన్ని మార్కులో చెప్పే పత్రాల్లో) ఉంటాయి. వాటికన్నా విలువైనవి ఎగ్జామినర్ రిపోర్టులు, పిల్లలెవరూ తెరవరు. వేలమంది జవాబులు దిద్దిన అనుభవంతో, ఎక్కడ మార్కులు పడ్డాయో, ఎక్కడ జారిపోయాయో రాస్తారు. మీ పుస్తకానికి సంబంధించిన రెండు పేజీలైనా చదవండి.

మోడల్ ఆన్సర్ల విషయంలో నా మాట కాస్త కఠినంగానే ఉంటుంది. మొత్తం వ్యాసం బట్టీపట్టి వెళ్లేవాళ్లున్నారు. ప్రశ్నలో ఒక్క మాట మారినా ఆ వ్యాసం దారి తప్పుతుంది, దిద్దేవాళ్లకు మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. చాట్‌బాట్‌తో రాయించుకున్న వ్యాసమూ అంతే, ఆలోచించే పని దానికి వదిలేస్తే పరీక్ష హాల్లో మీకేం మిగలదు. మంచి జవాబు దొరికితే దాని మీద పని చేయండి. ప్రతి పేరా ఏం వాదిస్తోందో మార్జిన్‌లో మీ మాటల్లో ఒక ముక్క రాయండి. జవాబు పక్కనబెట్టి, ఆ ముక్కలు మాత్రమే చూస్తూ మీ సొంత పేరా ఒకటి రాయండి. స్నేహితులు ఇద్దరు ముగ్గురు కలిస్తే పేపర్లు మార్చుకుని, మార్క్ స్కీమ్ పట్టుకుని దిద్దండి.

రోజూ పూర్తి వ్యాసం రాయక్కర్లేదు. ఒక ప్రశ్నకు ఐదు నిమిషాల్లో ప్లాన్, పన్నెండు నిమిషాల్లో ఒక పేరా చాలు. వారానికొకసారి మాత్రం గడియారం పెట్టుకుని పూర్తి జవాబు రాయాలి. మొదటి పేపర్లో ఒక్కో వ్యాసానికి యాభై నిమిషాల పైచిలుకు, రెండో పేపర్లో ఒక్కో సెక్షన్‌కు 45 నిమిషాల దాకా దక్కుతాయి.

చదివిన కవితలు పదిహేను. పరీక్షలో ఒకటి అచ్చువేసి ఇస్తారు, పోల్చడానికి రెండోది మీరే గుర్తుతెచ్చుకోవాలి. పేర్లు చీటీల మీద రాసి, మడిచి, రెండు తీయండి. ఐదు నిమిషాల్లో మూడు పోలికలో, తేడాలో రాయండి. కొన్ని జంటలు అస్సలు కుదరవు. ఎందుకు కుదరలేదో రెండు వాక్యాలు రాసినా అది మంచి ప్రాక్టీసే.

చూడని కవితకు 24 మార్కులు, రెండో కవితతో పోలికకు 8. ఇక్కడ కాలానికి మార్కులే లేవు, కవి ఎవరో తెలియనక్కర్లేదు. వారానికి రెండు కొత్త కవితలు తీసుకోండి. పెన్ను లేకుండా రెండుసార్లు చదివి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, మొదటి పంక్తికీ చివరి పంక్తికీ మధ్య మనసు ఎక్కడ మారింది, ఈ రెండే అడగండి. మెటఫర్ (రూపకం), సిమిలీ (ఉపమ) అని పేర్లు పెట్టడం తర్వాత. ‘ఇక్కడ మెటఫర్ ఉంది’ అని ఆగిపోయిన వాక్యానికి పెద్దగా ఏమీ రాదు.

ఇంట్లో ఎవరికీ ఇంగ్లిష్ సాహిత్యంతో పరిచయం లేదని దిగులు పడకండి. అమ్మ చేతికి కొటేషన్ల కార్డులిచ్చి అప్పజెప్పండి, ఆవిడ చూసుకుంటుంది. అమ్మమ్మకో తాతయ్యకో ఒక సన్నివేశం తెలుగులో చెప్పండి. ‘అంత మంచి రాజును ఎందుకు చంపాడురా? భార్య చెబితే మాత్రం తన బుద్ధేమైంది?’ అని అడుగుతారు. పరీక్షలో వచ్చేదీ ఇంచుమించు ఆ ప్రశ్నే, మీరు చెప్పే సమాధానమే ఇంగ్లిష్‌లోకి తెచ్చుకుంటే వ్యాసానికి మొదటి వాక్యం అవుతుంది. తెలుగులో చెప్పలేకపోయిన చోట మళ్లీ పుస్తకం తెరవండి.

ఈ ఆదివారం మీ నాటకం నుంచి ముప్పై పంక్తులు ఎంచుకుని, సొంతంగా ఒక ప్రశ్న తయారుచేసి, ఒక్క పేరా రాసి ఫోటో తీసి పంపండి. ఏ వాక్యం నిలిచిందో, ఏది నిలవలేదో మార్జిన్‌లో రాసి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య