0–3, 1–2, 0–4: మన అండర్-17 ఫుట్‌బాల్ జట్టుపై అపోహలు – వాస్తవాలు

పదకొండు నుంచి పదహారేళ్ల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం నా పని. సాయంత్రం ప్రాక్టీస్ అయ్యేదాకా కొందరు తల్లిదండ్రులు గ్రౌండ్ గోడ పక్కనే కూర్చుంటారు. పిల్లలు బూట్లు విప్పుకునేలోపు మా మధ్య మాటలు నడుస్తాయి. "సార్, మనోళ్లు వరల్డ్ కప్‌లో ఒక్క మ్యాచైనా గెలిచారా?" అన్నది అందులో తప్పకుండా వచ్చే ప్రశ్న. గెలవలేదు. కానీ అక్కడితో మాట ఆపేస్తే నాకు బాధగా ఉంటుంది. జాతీయ అండర్-17 జట్టు గురించి మన దగ్గర తిరిగే మాటల్లో సగం స్కోరు మాత్రమే చూసి అన్నవి, మిగతా సగం స్కోరు కూడా చూడకుండా అన్నవి.

అపోహ: 2017 వరల్డ్ కప్‌లో మన పిల్లలు పరువు తీశారు.

ముందు లెక్క చెప్తాను. 2017 అక్టోబర్‌లో ఫిఫా అండర్-17 వరల్డ్ కప్ మన దేశంలోనే జరిగింది. ఆతిథ్య దేశం కాబట్టి మనకు చోటు దొరికింది, క్వాలిఫయర్స్ ఆడి సంపాదించుకున్నది కాదు. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో అమెరికా చేతిలో 0–3, కొలంబియా చేతిలో 1–2, ఘనా చేతిలో 0–4తో ఓడాం. మూడు మ్యాచ్‌లు, ఒక గోల్ కొట్టాం, తొమ్మిది ఇచ్చాం.

నేను పిల్లలకు మళ్లీ మళ్లీ చూపించేది కొలంబియా మ్యాచే. మొదటి సగంలో రాహుల్ కేపీ కొట్టిన షాట్ గోల్‌పోస్టుకు తగిలింది. రెండో సగం మొదట్లో కొలంబియా ఆటగాడు పెన్యలోసా ఒక గోల్ కొట్టాడు. 82వ నిమిషంలో సంజీవ్ స్టాలిన్ కార్నర్ తీస్తే జీక్సన్ సింగ్ తలతో లోపలికి కొట్టాడు. ఏ వయసు విభాగంలోనైనా ఫిఫా వరల్డ్ కప్‌లో భారత్ కొట్టిన మొట్టమొదటి గోల్ అది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. ఆ సంబరం సద్దుమణగక ముందే, మరుసటి నిమిషంలోనే పెన్యలోసా తన రెండో గోల్ కొట్టేశాడు.

ఆ ఒక్క నిమిషంలోనే నేర్చుకోవాల్సిందంతా ఉంది. గోల్ కొట్టాక వచ్చే రెండు మూడు నిమిషాలు చాలా ప్రమాదకరమైనవి. ఒంట్లో ఉత్సాహం పొంగుతుంటుంది, కాళ్లు ముందుకే లాగుతాయి, ఎవరిని ఎవరు పట్టుకోవాలో మరిచిపోతారు. పెద్ద మ్యాచ్‌లు వందల కొద్దీ ఆడిన జట్టులో ఎవరో ఒకరు అరిచి అందరినీ వెనక్కి లాగుతారు. ఆ అలవాటు బోర్డు మీద బొమ్మలు గీసి చెప్తే రాదు, ఆడితేనే వస్తుంది. కొలంబియా పిల్లలు చిన్నప్పటి నుంచి ప్రతి వారం గట్టి లీగ్ మ్యాచ్ ఆడి వచ్చినవాళ్లు. మన పిల్లల్ని కొన్నేళ్లు క్యాంపుల్లో ఉంచి, విదేశాల్లో స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడించి తయారుచేశాం. రెండింటికీ తేడా ఆ నిమిషంలో బయటపడింది. పరువు తీయడం అనే మాట ఆ పిల్లలకు అంటగట్టకండి. గోల్‌కీపర్ ధీరజ్ సింగ్ ఆ మూడు మ్యాచ్‌ల్లో ఆపిన బంతుల్ని చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు.

తర్వాత వాళ్లేమయ్యారని కూడా అడుగుతుంటారు. జీక్సన్, సురేశ్ వాంగ్‌జామ్, అన్వర్ అలీ, రహీం అలీ సీనియర్ జాతీయ జట్టుకు ఆడారు. అన్వర్‌కు మధ్యలో గుండె సమస్య బయటపడి, ఆట ఆపేయమన్నారు. అతను ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి, తిరిగి మైదానంలోకి వచ్చి, 2022లో సీనియర్ జట్టులో చేరాడు. 2023లో బెంగళూరులో సాఫ్ కప్ (దక్షిణాసియా దేశాల టోర్నీ) గెలిచిన జట్టులో జీక్సన్, అన్వర్ ఇద్దరూ ఉన్నారు. ఒక అండర్-17 జట్టు నుంచి ఇంతమంది పైకి రావడం ఏ దేశంలోనైనా మంచి ఫలితమే.

అపోహ: అంతకుముందు మనవాళ్లు ఇటలీనే ఓడించారు, సొంతగడ్డ మీద ఒత్తిడికి లొంగిపోయారు.

2017 మే నెలలో "ఇటలీ అండర్-17పై 2–0 గెలుపు" అన్న వార్త దేశమంతా తిరిగింది. నేనూ సంతోషపడి పిల్లలందరికీ చెప్పాను. కొద్ది రోజుల్లోనే తెలిసింది, అవతల ఆడింది ఇటలీ అధికారిక అండర్-17 జట్టు కాదని. మన పిల్లలు ఆ రోజు బాగా ఆడారు, గెలిచారు, అది నిజం. దానికి పెద్ద పేరు తగిలించడం వల్ల నష్టపోయింది వాళ్లే. ఐదు నెలల తర్వాత అమెరికా చేతిలో ఓడినప్పుడు "ఇటలీని కొట్టినవాళ్లు ఇలా ఆడతారా" అన్న మాట పదిహేడేళ్ల పిల్లలు పడాల్సి వచ్చింది.

అపోహ: దక్షిణాసియాలో కప్పులన్నీ మనవే, కాబట్టి ఆసియాలోనూ మనం గట్టివాళ్లమే. (దీనికి పూర్తి వ్యతిరేకమైనదీ వింటాను: ఆసియాలో మనం ఎప్పుడూ లెక్కలోకే రాలేదు.)

రెండూ తప్పే. సాఫ్ కుర్రాళ్ల టోర్నీని 2013, 2017, 2019, 2022, 2023, 2024, 2025లో మనం గెలిచాం. ఏడాదిని బట్టి అది అండర్-15, 16, 17 అని మారుతూ వచ్చింది. 2019లో కళ్యాణిలో జరిగిన ఫైనల్లో నేపాల్‌పై 7–0. 2025లో కొలంబోలో మాత్రం బంగ్లాదేశ్‌తో 2–2తో ఆగి, పెనాల్టీల మీద గట్టెక్కాం. ఈ కప్పులు పిల్లలకు ధైర్యమిస్తాయి, అంతవరకు మంచిదే. కానీ జపాన్, కొరియా, ఉజ్బెకిస్తాన్ ఆడే వేగం అక్కడ ఎదురుకాదు. 2023లో థాయ్‌లాండ్‌లో జరిగిన అండర్-17 ఆసియా కప్‌లో వియత్నాంతో 1–1, ఉజ్బెకిస్తాన్‌తో 0–1, ఆపైన జపాన్‌తో 4–8. జపాన్‌పై నాలుగు గోల్స్ కొట్టారు, చిన్న విషయం కాదు. ఎనిమిది ఇచ్చారు, అదీ చిన్న విషయం కాదు. ఆ టోర్నీ గెలిచింది జపానే.

ఇక 2018 సంగతి. అది గుర్తున్నవాళ్లు తక్కువ, నాకు మాత్రం 2017 కంటే ఎక్కువగా గుర్తొస్తుంది. మలేషియాలో అండర్-16 ఆసియా టోర్నీ, కోచ్ బిబియానో ఫెర్నాండెస్. వియత్నాంపై 1–0, ఇరాన్‌తో 0–0, ఇండోనేషియాతో 0–0. గ్రూపులో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఇరాన్ పెనాల్టీని కీపర్ నీరజ్ ఆపాడు. 2002 తర్వాత మళ్లీ క్వార్టర్ ఫైనల్. అది గెలిస్తే సెమీస్, సెమీస్ చేరిన నాలుగు జట్లకూ 2019 వరల్డ్ కప్‌లో చోటు. దక్షిణ కొరియా చేతిలో 0–1తో ఓడాం. ఆతిథ్యంతో పని లేకుండా, మన కాళ్ల మీద మనం వరల్డ్ కప్‌కు వెళ్లడానికి ఒక్క మ్యాచ్ దూరంలో ఆగిపోయాం.

ఇప్పుడు రూల్ మారింది. 2025 నుంచి అండర్-17 వరల్డ్ కప్ ఏటా జరుగుతోంది, జట్లు 48. ఆతిథ్య ఖతార్ కాక ఆసియా నుంచి ఎనిమిది జట్లకు చోటుంది. అంటే ఆసియా కప్‌లో క్వార్టర్స్ చేరితే చాలు. 2018 జట్టుకు ఈ రూల్ ఉండి ఉంటే కొరియాతో ఆడకముందే వరల్డ్ కప్ ఖాయమయ్యేది. అందుకే 2025 నవంబర్‌లో అహ్మదాబాద్‌లో ఇరాన్‌ను 2–1తో ఓడించి మన పిల్లలు 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించినప్పుడు, గోడ పక్కన కూర్చునే వాళ్లందరికీ ఈ లెక్క కూర్చోబెట్టి చెప్పాను.

అపోహ: వయసు తగ్గించి చూపిస్తేనే సెలెక్షన్.

ఈ మాట నా దగ్గరికి గుసగుసగా వస్తుంది. "సార్, రెండేళ్లు తగ్గించి సర్టిఫికెట్ చేయిస్తాం, మీరు కాస్త చూడండి" అంటారు. నేను ప్రతిసారీ కాదంటాను. కారణం నీతి ఒక్కటే కాదు.

మణికట్టు దగ్గర ముంజేతి ఎముక చివర ఎదుగుదల జరిగే మెత్తటి భాగం ఉంటుంది. ఎదుగుదల పూర్తయ్యేసరికి అది గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. ఎంఆర్ఐ తీస్తే కలిసిందో లేదో కనిపిస్తుంది. పూర్తిగా కలిసిపోతే ఆ కుర్రాడు పదిహేడు దాటాడన్న నిర్ధారణకు వస్తారు. నైజీరియాలో జరిగిన 2009 అండర్-17 వరల్డ్ కప్ నుంచి ఫిఫా ఈ పరీక్ష చేస్తోంది. మన దేశంలో యూత్ పోటీలకు టీడబ్ల్యూ3 అనే పద్ధతిలో ఎడమ చేయి, మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కగడతారు. కాగితం మీద తేదీ మార్చవచ్చు, ఎముకను ఎవరూ మార్చలేరు. పట్టుబడితే ఆ కుర్రాడి ఆట అక్కడితో ఆగిపోతుంది.

పట్టుబడకపోతే ఇంకా పెద్ద నష్టం. రెండేళ్లు పెద్దవాడు చిన్నవాళ్ల మధ్య ఒంటి బలంతో నెట్టుకొస్తాడు. బంతిని ఆపడం, తల ఎత్తి చూడటం, ఎడమ కాలితో పాస్ ఇవ్వడం నేర్చుకోవాల్సిన అవసరమే అతనికి రాదు. పద్దెనిమిదికి అందరూ సమానంగా ఎదిగాక అతని చేతిలో ఏమీ మిగలదు. అతని వల్ల చోటు పోగొట్టుకున్న పిల్లవాడు అప్పటికే ఆట మానేసి ఉంటాడు.

అసలు వయసులో మోసం లేకపోయినా తేడా ఉంటుంది, దాన్ని గమనించేవాళ్లు తక్కువ. 2017 టోర్నీకి 2000 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే విభాగం. పన్నెండేళ్ల వయసులో పదకొండు నెలలంటే ఎంత తేడానో మీ ఇంట్లో పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి చూడండి. సెలెక్షన్స్‌లో ఎత్తుగా, వేగంగా ఉన్నవాడి మీదికే కళ్లు పోతాయి. నా తొలినాళ్లలో నేనూ అదే తప్పు చేశాను. ఇప్పుడు లిస్టు రాసేటప్పుడు ప్రతి పేరు పక్కన పుట్టిన నెల రాసుకుంటాను.

అపోహ: అండర్-17లో మెరిస్తే జీవితం సెటిల్, అందులో లేకపోతే దారి మూసుకుపోయినట్టే.

2001 అండర్-17 వరల్డ్ కప్‌లో తొమ్మిది గోల్స్ కొట్టి ఉత్తమ ఆటగాడైన ఫ్రాన్స్ కుర్రాడు సినామా పొంగోల్‌ను ఇప్పుడు ఎంతమంది గుర్తుపెట్టుకున్నారు? మెస్సీ అసలు అండర్-17 వరల్డ్ కప్ ఆడనే లేదు. ఇంగ్లండ్ ఆటగాడు ఫిల్ ఫోడెన్ 2017లో కోల్‌కతా ఫైనల్లో స్పెయిన్‌ను 5–2తో ఓడించిన ఇంగ్లండ్ జట్టు నుంచి నేరుగా పైకి వెళ్లాడు. జీక్సన్‌ను టోర్నీకి కొద్ది నెలల ముందు, కోచ్ మారి లూయిస్ నార్టన్ డి మాటోస్ వచ్చాకే పిలిచారు. నాలుగు దారులూ నిజమే.

అపోహ: అమ్మాయిల జట్టు మూడు మ్యాచ్‌ల్లో పదహారు గోల్స్ ఇచ్చింది, వాళ్ల మీద ఖర్చు దండగ.

ఇది విన్నప్పుడు నాకు కోపం వస్తుంది. 2022 అండర్-17 మహిళల వరల్డ్ కప్ కూడా మన దేశంలోనే జరిగింది. భువనేశ్వర్‌లో అమెరికాతో 0–8, మొరాకోతో 0–3, బ్రెజిల్‌తో 0–5. లెక్క నిజమే. కానీ ఈ టోర్నీ 2020లో జరగాల్సింది. కోవిడ్ వల్ల వాయిదా పడి, రద్దయి, చివరికి 2022కు వచ్చింది. మొదట తయారైన అమ్మాయిలకు వయసు దాటిపోయింది, మళ్లీ కొత్త జట్టు కట్టాల్సి వచ్చింది. టోర్నీకి రెండు నెలల ముందు ఆగస్టులో ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసి, అదే నెలలో ఎత్తేసింది. ఆ రోజుల్లో టోర్నీ ఉంటుందో ఉండదో కూడా తెలియకుండా ఆ పిల్లలు ప్రాక్టీస్ చేశారు.

మూడేళ్ల తర్వాత, 2025 అక్టోబర్‌లో, బిష్కెక్‌లో మన అండర్-17 అమ్మాయిలు కిర్గిజ్ జట్టును 2–1తో, ఉజ్బెకిస్తాన్‌ను 2–1తో ఓడించారు. క్వాలిఫయర్స్ గెలిచి ఆసియా కప్‌లో అడుగుపెట్టడం ఈ జట్టుకు అదే మొదటిసారి.

అపోహ: ఇదంతా మణిపూర్, మిజోరం వాళ్ల ఆట, తెలుగు పిల్లలకు రాదు.

2017 జట్టులో 21 మందిలో 8 మంది మణిపూర్ వాళ్లే. అది రక్తంలో ఉండి కాదు. అక్కడ ఊరూరా క్లబ్బులున్నాయి, ఆరేడేళ్ల పిల్లలు కూడా రోజూ బంతితోనే ఉంటారు. ఒకప్పుడు హైదరాబాద్ కూడా అలాగే ఉండేది. 1951, 1962 ఆసియా క్రీడల్లో మనకు బంగారు పతకాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిందీ ఆయన చేతుల మీదుగానే.

ఇప్పుడు మా జిల్లాల్లో పద్నాలుగేళ్ల కుర్రాడికి ఏడాది మొత్తంలో దొరికే పోటీ మ్యాచ్‌లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్కూల్ గేమ్స్, ఒక జిల్లా సెలెక్షన్, అదృష్టముంటే స్కూల్ జట్ల జాతీయ టోర్నీ సుబ్రతో కప్. ఓడితే ఒక్క మ్యాచ్‌తో ఆ ఏడాది అయిపోయినట్టే. మా గ్రౌండ్‌లో రెండేళ్ల కిందట నాలుగు ఊళ్ల జట్లతో ఆదివారం లీగ్ మొదలుపెట్టాం. కప్పు లేదు, ఎలిమినేషన్ లేదు, ప్రతి జట్టూ ప్రతి వారం ఆడుతుంది. అమ్మాయిలకు వేరుగా జట్టు కట్టేంత మంది లేకపోతే అబ్బాయిలతో కలిపే ఆడిస్తున్నాం.

ఆ అమ్మాయిలకు నేను చెప్పే పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి, క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌లో చేరి, భారత సీనియర్ జట్టులో నిలదొక్కుకుంది. 2024–25కు జాతీయ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే వచ్చింది. మొన్న ఆదివారం మా దగ్గర పన్నెండేళ్ల పిల్ల ఒకతి మ్యాచ్ అయ్యాక వచ్చి, "సార్, ఆ అక్క ఏ పొజిషన్‌లో ఆడుతది?" అని అడిగింది. వింగ్‌లో అని చెప్పాను. వచ్చే వారం తననూ అక్కడే ఆడించమంది.