వృద్ధాశ్రమాల్లో నెమ్ము: జ్వరం వచ్చేదాకా ఆగవద్దు

హనుమకొండ, కాజీపేట వైపు వృద్ధాశ్రమాల్లో పెద్దలకు సేవ చేసేవారు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. ముదిమి వయసులో నెమ్ము, అంటే న్యుమోనియా, జ్వరంతోనో దగ్గుతోనో మొదలు కావాలని లేదు. నిన్నటిదాకా గటక ఇష్టంగా తిన్న అవ్వ ఇవాళ ముద్ద ముట్టకపోవడం, పొంతన లేకుండా మాట్లాడటం, మంచం దిగబోయి పడిపోవడం చాలాసార్లు తొలి ఆనవాళ్లు. వయసు మీద పడిందిలే అని వాటిని కొట్టిపారేస్తే మందు పనిచేయాల్సిన సమయం చేజారుతుంది.

అప్పుడు చేయాల్సిన పని చిన్నదే. పక్కన కూర్చుని, ఆమెకు చెప్పకుండా, పొట్ట మీది కొంగు ఒక పూర్తి నిమిషంలో ఎన్నిసార్లు పైకి లేచిందో లెక్కపెట్టాలి. తన ఊపిరిని ఎవరో చూస్తున్నారని తెలిస్తే మనిషి శ్వాస తీరు మారిపోతుంది. లెక్క 25 దాటితే డాక్టరుకు వెంటనే కబురు పంపాలి. చేతివేళ్లు చల్లగా ఉంటే, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఆక్సీమీటరు తప్పు చూపవచ్చు కాబట్టి, వాటిని రుద్ది వెచ్చబరిచాకే కొలవాలి.

అందరినీ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తరలించాలా? కెనడాలోని హామిల్టన్ ప్రాంతంలో 22 ఆశ్రమాల్లో, 680 మందిపై జరిపి 2006లో ప్రచురించిన పరిశోధన దీనికి కొంత జవాబు ఇస్తుంది. తినగలిగి, తాగగలిగి, నాడి 100 లోపు, శ్వాస 30 లోపు, పై రక్తపోటు కనీసం 90, ఆక్సిజన్ కనీసం 92 శాతం ఉన్నవారికి నర్సుల పర్యవేక్షణలో అక్కడే మాత్రలతో చికిత్స చేశారు. మామూలు పద్ధతిలో 22 శాతం మంది ఆసుపత్రిలో చేరగా, ఈ పద్ధతిలో 10 శాతమే చేరారు. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే రాత్రిపూట నర్సు లేని ఆశ్రమం ఈ పద్ధతిని అనుసరించడం ప్రమాదమని నా అభిప్రాయం.

అక్కడ వాడిన లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ విషయంలో మన దగ్గర మరింత జాగ్రత్త అవసరం. అది క్షయ లక్షణాలను కొన్నాళ్లు అణచిపెట్టి, రోగ నిర్ధారణను ఆలస్యం చేయవచ్చు. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారికి ముందు తెమడ పరీక్ష చేయించాలి.

పక్షవాతం వచ్చినవారికి పడుకోబెట్టి జావ తాగిస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా తాగించి, తర్వాత అరగంట అలాగే ఉంచాలి. నోటిలోని సూక్ష్మజీవులూ లాలాజలంతో అదే దారి పడతాయి. జపాన్‌లోని 11 ఆశ్రమాల్లో రెండేళ్లపాటు ప్రతి భోజనం తర్వాత పళ్లు తోమించినవారిలో 11 శాతం మందికి, అలా చేయనివారిలో 19 శాతం మందికి న్యుమోనియా వచ్చిందని 1999లో వెల్లడైంది. పళ్లు లేనివారికైనా తడి గుడ్డతో చిగుళ్లు, నాలుక తుడవాలి. కట్టుడు పళ్లను రాత్రి తీసి, కడిగి, నీటిలో ఉంచాలి.