అంట్లు తోమే స్పాంజి కాదర్రా, అసలు స్పాంజి సంగతి

చిరంజీవులు చిన్నూకీ, బుజ్జమ్మకీ తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

మీ నానమ్మ మాగాయ పార్సిల్ కట్టిస్తోంది, అందులో ఒక అగ్గిపెట్టె కూడా పెట్టిస్తున్నా. అది ముందే తెరిచేస్తారని తెలుసు, తెరిచినా ఈ ఉత్తరం చివరిదాకా చదివితే గానీ అదేంటో తెలీదు.

మొన్న వీడియో కాల్లో మీరిద్దరూ కొట్టుకున్నది నేను మర్చిపోలేదు. స్పాంజి జంతువు అని జీకే పుస్తకంలో ఉంది అని బుజ్జమ్మ, సింకు దగ్గరున్న పసుపుపచ్చ ముక్క తెచ్చి కెమెరాకి ఆనించి "ఇది జంతువా తాతయ్యా, మరి దీనికి నోరేది" అని చిన్నూ, ఈలోపు మీ అమ్మ అన్నానికి పిలిచింది, కాల్ కట్. 30 ఏళ్ళు కాలేజీలో జువాలజీ చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్న అలా గాల్లో వదిలేస్తే నాకు ముద్ద దిగదు. ఫోన్లో చెబుదామంటే మీరు మధ్యలో గేమ్ ఆడుకుంటారు, అందుకే ఉత్తరం.

ఇద్దరూ కరెక్టే. నేతిబీరకాయలో నెయ్యెంతో మీ సింకు దగ్గర స్పాంజిలో స్పాంజి అంత. అది ఫ్యాక్టరీలో చేసిన ఫోము. ఆ మాటకొస్తే మా చిన్నప్పుడు ఒళ్ళు రుద్దుకున్న పీచు కూడా సముద్రంది కాదు, పెరట్లో పాదుకి ఎండిపోయిన నేతిబీరకాయే, అది చెట్టు సరుకు. అసలు స్పాంజి వేరు, అది సముద్రం అడుగున రాయికి అతుక్కుని బతికే ప్రాణి, ఒళ్ళు రుద్దుకోడానికి అమ్మే అసలు స్పాంజి అంటే అది చచ్చిపోయి కండంతా కుళ్ళి పోయాక మిగిలిన అస్థిపంజరం. తేడా తెలియాలంటే ఒక పోగు తీసి కాల్చాలి (మీరు కాదు, మీ నాన్న). అసలుదైతే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది ఎందుకంటే అది స్పాంజిన్ అనే ప్రోటీను, ఫోమైతే కరిగి ముద్దవుతుంది.

ఇక నోరేది అన్న ప్రశ్న. చిన్నూ, నువ్వు అడిగింది చిన్న ప్రశ్నేం కాదురా, దీని మీద రెండు వేల ఏళ్ళకి పైగా పెద్దపెద్దవాళ్ళు తలలు పట్టుకున్నారు. గ్రీసులో అరిస్టాటిల్ అప్పట్లోనే, దీన్ని పీకబోతే ముడుచుకుంటుందట, అంటే దీనికి తెలివిడి ఉన్నట్టే అని జనం అనుకునే మాట రాసుకున్నాడు, కానీ ఫలానా ఊరివాళ్ళు మాత్రం ఒప్పుకోరు అని కూడా రాసాడు, అంటే మీ ఇద్దరి గొడవ అప్పుడూ ఉందన్నమాట. మొక్కలకీ జంతువులకీ రెండు మాటల పేర్లు పెట్టిన లిన్నేయస్ 1753లో దీన్ని నాచుమొక్కల్లో పడేసి, తర్వాత మనసు మార్చుకుని జంతువుల వైపు జరిపాడు. 1765లో జాన్ ఎల్లిస్ అనే ఇంగ్లీషాయన ఇందులో నీళ్ళు కదులుతున్నాయి, ఇది జంతువే అన్నాడు గానీ నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతున్నాయో తేల్చలేకపోయాడు.

తేల్చింది రాబర్ట్ గ్రాంట్. స్కాట్లండ్, ఎడిన్‌బరో. డాక్టరు చదువు చదివి ప్రాక్టీసు వదిలేసి సముద్రపు ఒడ్డున రాళ్ళు తిరగేసుకునే మనిషి. (ఆయన వెనకాల సీసాలు పట్టుకుని తిరిగిన కుర్రాళ్ళలో ఒకడు డార్విన్, అప్పటికింకా డార్విన్ అంటే ఎవరికీ తెలీదు.) 1825లో ఈయన ఒక చిన్న స్పాంజి కొమ్మని గాజు చిప్పలో సముద్రపు నీళ్ళు పోసి మైక్రోస్కోపు కింద పెట్టి, దాని పక్కనున్న గుండ్రటి బెజ్జం కంటికి ఎదురుగా వచ్చేలా చిప్పని తిప్పాడు. అంతే, ఆ బెజ్జంలోంచి నీళ్ళు ఫౌంటెన్‌లా చిమ్ముతున్నాయి, నీళ్ళతో పాటు చిన్న చిన్న నలకలు ఒకదాని వెనక ఒకటి ఎగిరి పడుతున్నాయి! 25 నిమిషాలు కన్ను తీయకుండా చూసాడట, కన్ను లాగేసి ఆపాల్సొచ్చింది గానీ ఆ ధార ఒక్క క్షణం కూడా వెనక్కి తిరగలేదు. అంటే ఇన్నాళ్ళూ నోళ్ళు అనుకున్న పెద్ద బెజ్జాలు నోళ్ళు కావు, బయటికి పోయే తూములు. లోపలికి వచ్చే దారులు ఒళ్ళంతా ఉన్న కంటికి ఆనని చిల్లులు. అందుకే ఆయన 1836లో ఈ గుంపుకి పొరిఫెరా అని పేరు పెట్టాడు, చిల్లులు మోసేవి అని అర్థం. మన తెలుగు పుస్తకాల్లో స్పంజికలు అంటాం, నేనూ ఇక్కణ్ణుంచి అలాగే అంటా.

కాబట్టి చిన్నూ, జవాబు: నోరు లేదు. కడుపు లేదు, గుండె లేదు, నరాలు లేవు, మెదడు ఎలాగూ లేదు. ఉన్నదల్లా ఒక పంపు. లోపలి గదుల గోడలకి కాలర్ కణాలు అని ఉంటాయి, ఒక్కోదానికి చొక్కా కాలర్ లాంటి జల్లెడ, దాని మధ్యలో కొరడా లాంటి తోక. లక్షల తోకలు ఆడుతుంటే నీళ్ళు చిల్లుల్లోంచి లోపలికి వస్తాయి, అందులో బాక్టీరియా లాంటి చిల్లర తిండి కాలర్‌కి చిక్కుతుంది, మిగతా నీళ్ళు తూములోంచి బయటికి. కిలో బరువున్న స్పంజిక రోజుకి 24 వేల లీటర్ల దాకా వడగడుతుందని లెక్కలున్నాయి, అంటే రెండు పెద్ద ట్యాంకర్ల నీళ్ళు. మన వీధి మోటారు రెండ్రోజులకోసారి కాలిపోతుంది, ఇది మాత్రం కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి.

దీనికి తుమ్ము కూడా వస్తుందర్రా, నిజం. దుమ్ము ఎక్కువైతే ఒళ్ళు ముడిచి మెల్లగా కక్కేస్తుంది, ఒక్కో తుమ్ముకి అరగంట కూడా పట్టొచ్చు. మరి అరిస్టాటిల్ దగ్గర ముడుచుకుంటుంది అన్నవాళ్ళు పూర్తిగా అబద్ధం చెప్పలేదుగా.

నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చేది విల్సన్ అనే జువాలజీ ఆయన చేసిన పని. 1907, అమెరికాలో నార్త్ కరోలినా. ఆయన ఒక ఎర్ర స్పంజికని సన్నటి సిల్కు గుడ్డలో మూటకట్టి, మీ నానమ్మ చింతపండు పిసికినట్టు నీళ్ళలో పిసికేసాడు. కణాలన్నీ విడివిడిగా గుడ్డలోంచి జారి గిన్నె అడుగున పేరుకున్నాయి. ఇంక చచ్చిందే అనుకుంటాం కదా, కాసేపటికి ఆ కణాలు పాక్కుంటూ ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కుని మళ్ళీ చిన్న చిన్న స్పంజికలు అయిపోయాయి. కోడిని మిక్సీలో వేస్తే మళ్ళీ కోడి వస్తుందా? ఇది నేను క్లాసులో చెప్పినప్పుడల్లా వెనక బెంచీ వాళ్ళు కూడా తలెత్తేవాళ్ళు.

సరే, కదలవు, మొహం లేదు, ఒకే జాతిది ఒకచోట గిన్నెలా ఇంకోచోట పొక్కులా పెరుగుతుంది, మరి వీటిని గుంపులుగా విడగొట్టడం ఎలా? బయట ఆకారం నమ్ముకుంటే మునిగిపోతాం. లోపలి ముళ్ళు చూడాలి, వాటిని కంటకాలు అంటాం. మా ల్యాబులో ఒక చిన్న ముక్కని బ్లీచులో వేసేవాళ్ళం, కండ కరిగిపోయి అడుగున తెల్లటి పొడి మిగిలేది, ఆ పొడి చుక్క స్లైడు మీద వేసి చూస్తే... సూదులు, గుండుసూదులు, మూడు కాళ్ళ ముక్కాలిపీటలు, నక్షత్రాలు, అన్నీ గాజులా మెరుస్తూ. ఆ పొడి మీద యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగింది అనుకో, అది సున్నపు ముల్లు, ఆ స్పంజిక కాల్కేరియా తరగతి, మా రికార్డుల్లో అందరూ గీసే సైకాన్ ఇందులోదే. పొంగకపోతే ముల్లు ఇసకలో ఉండే సిలికాది. అందులో ఆరు కొసలున్న ముల్లు కనిపిస్తే గాజు స్పంజికలు, పుస్తకాల పేరు హెక్సాక్టినెల్లిడా. మిగతావి డెమోస్పాంజియే, 9 వేలకు పైగా తెలిసిన జాతుల్లో పది పాళ్ళలో ఎనిమిది పాళ్ళు పైగా ఇవే, ఒంటికి రుద్దుకునేది కూడా ఇందులోదే, దానికైతే ముళ్ళే ఉండవు, ఉత్త స్పాంజిన్ పీచే (ముళ్ళుంటే ఒళ్ళు ఏమయ్యేదో ఆలోచించండి). నేను కాలేజీలో చెప్పినన్నాళ్ళూ ఈ మూడే చెప్పా. తర్వాత డీఎన్ఏ చూసి, హోమోస్క్లీరోమార్ఫా అని డెమోల్లో దాక్కున్న ఓ చిన్న గుంపుని 2012లో నాలుగో తరగతిగా విడదీసారు. నా పాత నోట్సు అలా తప్పయిపోయింది, పర్లేదు, లిన్నేయస్‌కే తప్పలేదు.

ముళ్ళ సంగతి నాకు ఒళ్ళు మీద అనుభవం. ఉద్యోగంలో చేరిన కొత్తలో భీమిలి ఒడ్డున వల విదిలిస్తుంటే చెత్తతో పాటు ఎర్రటి స్పంజిక పడింది, లెక్చరర్ని కదా అని గబుక్కున వట్టి చేత్తో తీసా. వల ముసలాయన "వద్దు బాబూ దురద" అంటూనే ఉన్నాడు. రెండ్రోజులు వేళ్ళు మండి సుద్దముక్క పట్టుకోలేకపోయా.

గాజు స్పంజికల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, అవి లోతు సముద్రపు సంగతులు. యూప్లెక్టెల్లా అని ఒకటి, వీనస్ పూలబుట్ట అంటారు, తెల్లటి గాజుపోగులతో అల్లిన పొడుగాటి సజ్జలా ఉంటుంది, మా మ్యూజియంలో ఉన్న ఏకైక అందమైన వస్తువు అదే, ప్రాక్టికల్స్‌లో చూసి పేరు చెప్పాల్సిన స్పాటర్‌గా పెడితే మార్కులు రాని పిల్లాడు లేడు. దాంట్లోకి చిన్నప్పుడే ఒక రొయ్యల జంట దూరుతుంది, లోపలే పెరిగి పెద్దవై ఇంక బయటికి రాలేక జీవితమంతా అందులోనే కాపురం, అందుకే జపాన్‌లో దీన్ని పెళ్ళి కానుకగా ఇచ్చేవాళ్ళు. (నాకది కానుకో హెచ్చరికో ఇప్పటికీ తెలీదు, నానమ్మకి చెప్పకండి.) మోనోరాఫిస్ అని ఇంకోటి, అది ఒంట్లో ఒకే ఒక్క పెద్ద ముల్లు పెంచుకుంటుంది, మూడు మీటర్ల దాకా, వేలెడు మందం, దాని చుట్టూ తను. అలాంటి ఒక ముల్లు పొరలు చూసి వయసు సుమారు 11 వేల ఏళ్ళని అంచనా కట్టారు. ఇంక కెనడా పశ్చిమ తీరంలో 1987లో సముద్రం అడుగు మ్యాపు గీస్తుంటే గాజు స్పంజికలు ఒకదాని మీద ఒకటి పెరిగి కట్టిన దిబ్బలు బయటపడ్డాయి. అలాంటివి డైనోసార్ల కాలంతోనే పోయాయి అనుకున్నారు అప్పటిదాకా, రాళ్ళలోనే చూసారు. వీటికి నరాలు లేకపోయినా ఒళ్ళంతా కణాలు కలిసిపోయి ఒకే వల లాగా ఉంటుంది, ఒకచోట ముట్టుకుంటే కరెంటు సిగ్నల్ పాకి పంపు మొత్తం ఆగిపోతుంది.

అన్నీ నీళ్ళు వడగట్టే సాధువులే అనుకోకండి. 1995లో మధ్యధరా సముద్రం గుహలో ఒక స్పంజిక పంపు గింపు మానేసి, ఒంటి మీది కొక్కేల ముళ్ళతో చిన్న చిన్న రొయ్యలాంటి పురుగుల్ని పట్టి తింటోందని బయటపెట్టారు.

ఉప్పునీళ్ళే అక్కర్లేదు, చెరువుల్లో కూడా కొన్ని ఉంటాయి. బొంబాయిలో హెన్రీ కార్టర్ అని సైన్యం డాక్టరు 1840ల్లో అక్కడి చెరువుల్లో ఉన్న స్పంజికల మీద పని చేసాడు, మన దేశమంతా ఉండే ఒక జాతికి ఆయన పేరే ఉంది. చెరువు తూము రాళ్ళకీ నీళ్ళలో మునిగిన కొమ్మలకీ పాచి పట్టినట్టు అంటుకుని ఉంటాయి, చూసినా పాచే అనుకుని వదిలేస్తాం. ఎండాకాలం నీళ్ళు ఇంకిపోతే స్పంజిక చచ్చిపోతుంది గానీ ఆవగింజ కన్నా చిన్నగా గట్టి పెంకున్న జెమ్యూల్స్ అనే మూటలు వదిలి పోతుంది, వానలు పడి చెరువు నిండగానే వాటిలోంచి కణాలు బయటికొచ్చి మళ్ళీ మొదలు. మన విత్తనాల వడ్లు దాచుకున్నట్టే.

మనుషుల సంగతి రెండు ముక్కల్లో. గ్రీసు దీవుల్లో స్పంజికల కోసం మునిగేవాళ్ళు తరాల తరబడి ఉన్నారు, గాలి గొట్టం డ్రస్సులు వచ్చాక ఇంకా లోతుకి దిగి, గబగబా పైకి వచ్చేసి, కాళ్ళు పడిపోయినవాళ్ళు, చచ్చిపోయినవాళ్ళు వేలల్లో. అలాంటివాళ్ళే 1900లో ఆంటికితెరా దీవి దగ్గర మునిగితే స్పంజికల బదులు పాత ఓడ దొరికింది, అందులోనే గ్రహాల లెక్కలు కట్టే రెండు వేల ఏళ్ళ నాటి పళ్ళచక్రాల యంత్రం ఉంది. ఇంకోటి, కరీబియన్ స్పంజిక ఒకదాంట్లో 1950ల్లో దొరికిన పదార్థాలు చూసి కెమిస్టులు తయారుచేసిన సైటరబిన్ ఇప్పటికీ బ్లడ్ క్యాన్సర్‌కి వాడుతున్నారు.

బుజ్జమ్మా, నీకో గొడవ ఇస్తున్నా, వచ్చేసారి కాల్లో వాదించుకోండి. జంతువుల వంశవృక్షంలో మొట్టమొదట వేరుపడ్డ కొమ్మ స్పంజికలదే అని మేం కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళం. 2008లో డీఎన్ఏ చూసినవాళ్ళు కాదు, దువ్వెన జెల్లీలు (సముద్రంలో తేలే జెల్లీ లాంటి జంతువులు) ముందు అన్నారు, 2023లో క్రోమోజోములు చూసినవాళ్ళూ అదే అన్నారు, ఇంకా ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. దువ్వెన జెల్లీలకి నరాలున్నాయి, మరి అవే ముందైతే స్పంజికలకి నరాలు ఉండి పోయాయా, లేక జెల్లీలు విడిగా తెచ్చుకున్నాయా? నాకైతే స్పంజికల వైపే మనసు లాగుతుంది, 30 ఏళ్ళ అలవాటు.

ఇక అగ్గిపెట్టె. అందులోది ఆలిచిప్ప ముక్క, పొద్దున్న వాకింగ్‌లో రాళ్ళ దగ్గర దొరికింది. దాని నిండా గుండుసూదితో పొడిచినట్టు చిల్లులు. అది క్లయోనా అనే స్పంజిక ఇల్లు. దానికి పళ్ళు లేవు, కానీ దాని కణాలు చిప్పని అంచుల వెంట కొంచెం కొంచెం కరిగించి సన్నటి పెచ్చులు ఊడదీసి తూములోంచి నీళ్ళతో బయటికి తోసేస్తాయి, అలా చిప్ప లోపల చీమలపుట్టలా గదులు తవ్వుకుని బతుకుతుంది. విరిగిన అంచుని లైటుకి ఎదురుగా పెట్టి భూతద్దంతో చూడండి, గదులు కనిపిస్తాయి. అంచు దగ్గర రెండు చిల్లుల్లో గోధుమరంగు ఎండు తోలులా ఉంది చూడండి, అది మట్టి కాదు, ఆ ఇంటావిడే. కడిగేయొద్దు. చిల్లులు ఎన్నో ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి చెప్పండి, నాకు 47 వచ్చాయి, నానమ్మకి 52.