బయోటెక్నాలజీ చదువు, ల్యాబ్ పని: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ దగ్గర శామీర్‌పేట వైపు, బయోటెక్ కంపెనీలున్న జీనోమ్ వ్యాలీలో ఇంటర్వ్యూకి వెళ్లిన డిగ్రీ విద్యార్థులను, జన్యువులను మార్చే క్రిస్పర్ పద్ధతి గురించి అడిగితే పది నిమిషాలు గడగడా చెబుతారు. ‘ఒక మోలార్ ట్రిస్ అరలీటరు చేయాలి, ఎలా చేస్తారు?’ అని అడిగితే చాలామంది ఆగిపోతారు. ఈ రెండో ప్రశ్నకు జవాబు తెలియకుండా ల్యాబ్‌లో ఒక్కరోజు పని కూడా సాగదు. కాలేజీల్లో తరచూ వినిపించే మాటలను, అసలు విషయాన్ని పక్కపక్కన పెడుతున్నాం.

అపోహ: బైపీసీ వాళ్ల సబ్జెక్టు కదా, లెక్కలతో పనిలేదు.

కష్టమైన గణితంతో పనిలేదు. ఎనిమిదో తరగతి లెక్కలు మాత్రం రోజూ, తప్పు లేకుండా చేయాలి. పై ప్రశ్ననే చూడండి. ట్రిస్ అనేది పీహెచ్‌ని నిలకడగా ఉంచే బఫర్ ద్రావణాల్లో వాడే పొడి. లీటరు ద్రావణంలో అణుభారమంత గ్రాములు ఉంటే అది ఒక మోలార్. ట్రిస్ అణుభారం 121.14. అరలీటరుకు దానిలో సగం, అంటే 60.57 గ్రాములు. దాన్ని 500 మి.లీ. నీళ్లలో పోయకూడదు. 400 మి.లీ.లో కరిగించి, గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్ 8.0కి తేవాలి (అరలీటరుకు దాదాపు 21 మి.లీ. యాసిడ్ పడుతుంది). ఆ తర్వాతే సిలిండర్‌లో 500కి నింపాలి. ముందే 500 పోసేస్తే యాసిడ్ కలిశాక 520 దాటుతుంది, ఒక మోలార్ అని సీసా మీద రాసుకున్నది ఉత్త మాటే అవుతుంది.

ఇక్కడ మన ఊరి ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. ట్రిస్ పీహెచ్ ఉష్ణోగ్రతతో మారుతుంది, డిగ్రీకి సుమారు 0.03 చొప్పున. మే నెలలో ఏసీ లేని ల్యాబ్‌లో 38 డిగ్రీల దగ్గర 8.0కి సరిచేసిన బఫర్, 25 డిగ్రీల గదిలో 8.3 దాటుతుంది, ఫ్రిజ్‌లో పెడితే దాదాపు 9కి చేరుతుంది. యాసిడ్ పోసినప్పుడు ద్రావణం వేడెక్కుతుంది కాబట్టి, అది చల్లారాకే చివరి రీడింగ్ తీసుకోండి.

డీఎన్ఏ పనుల్లో వాడే మరో రసాయనం ఈడీటీఏది ఇంకో తిప్పలు. నీళ్లలో వేస్తే ఎంతసేపు తిప్పినా పాలలాగే ఉంటుంది. పొడి పాతదైపోయిందనో, వేడి సరిపోలేదనో అనుకుంటారు. కారణం ఆ రెండూ కావు. పీహెచ్ 8కి దగ్గరపడే దాకా అది కరగదు. 0.5 మోలార్ ద్రావణం లీటరుకు 186.1 గ్రాముల డైసోడియం ఈడీటీఏ వేసి, సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు కలుపుతూ పోండి. 20 గ్రాముల దగ్గరికి వచ్చేసరికి తెల్లదనం పోయి నీళ్లలా తేటపడుతుంది.

అపోహ: మైక్రోపైపెట్ వాడటంలో నేర్చుకోవడానికి ఏముంది?

మా దృష్టిలో డిగ్రీ మూడేళ్లలో నేర్చుకోవాల్సిన వాటిలో మొదటిది ఇదే. ఫలితం రాని ప్రయోగాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

మైక్రోలీటర్లలో ద్రవం కొలిచి తీసే ఈ పరికరం మీటను బొటనవేలితో నొక్కితే మొదట ఒకచోట ఆగుతుంది, ఇంకా గట్టిగా నొక్కితే రెండోచోట ఆగుతుంది. ద్రవం తీసుకునేటప్పుడు మొదటి మెట్టు వరకే నొక్కాలి. కొత్తవాళ్లు చివరిదాకా నొక్కి తీస్తారు, అందుకే కావాల్సినదానికంటే ఎక్కువ వచ్చేస్తుంది. టిప్ (పైపెట్ చివర తొడిగే ప్లాస్టిక్ కొన) ద్రవంలోకి 2-3 మిల్లీమీటర్లు మాత్రమే దిగాలి. మరీ లోతుగా ముంచితే టిప్ బయటి గోడకు అంటుకున్న చుక్కలు కూడా ట్యూబులోకి వెళ్తాయి. పైపెట్‌ని నిలువుగా పట్టి, వేలు నెమ్మదిగా వదిలి, ఒక్క క్షణం ఆగి బయటకు తీయండి. వేలు చటుక్కున వదిలితే గాలి బుడగ వస్తుంది, ఒక్కోసారి ద్రవం పైపెట్ లోపలికే ఎగజిమ్ముతుంది. వదిలేటప్పుడు టిప్‌ని ట్యూబు గోడకు ఆనించి మొదటి మెట్టు, ఆపైన రెండో మెట్టు నొక్కాలి. టిప్‌లో ద్రవం ఉండగా పైపెట్‌ని బల్ల మీద పడుకోబెట్టకండి. 20-200 మైక్రోలీటర్ల పైపెట్‌తో 5 మైక్రోలీటర్లు తీయాలని చూడకండి.

మీ చెయ్యి ఎలా ఉందో మీరే పరీక్షించుకోవచ్చు. నాలుగు దశాంశాల తూకం యంత్రం మీద చిన్న ట్యూబు పెట్టి సున్నా చేయండి. 100 మైక్రోలీటర్ల నీళ్లు పదిసార్లు పోస్తూ ప్రతిసారీ బరువు రాయండి. ఒక్కోటి 0.0997 గ్రాముల దగ్గర ఉండాలి. పదీ ఒకదానికొకటి దగ్గరగా ఉండి, అన్నీ ఒకేలా తక్కువో ఎక్కువో వస్తే పైపెట్‌కి క్యాలిబ్రేషన్ కావాలి. ఒకటి 0.092, ఇంకొకటి 0.106 వస్తుంటే తప్పు చేతిది. ఖర్చు లేని పరీక్ష, సెమిస్టర్ మొదట్లో ఒకసారి చేసి చూడండి.

డీఎన్ఏను కోసే రెస్ట్రిక్షన్ ఎంజైములు సగం గ్లిసరాల్‌లో వస్తాయి. చిక్కగా ఉంటాయి కాబట్టి ఇంకా నెమ్మదిగా తీయాలి, టిప్ కొన మాత్రమే తాకించాలి. ఎంజైము ఎక్కువ వేస్తే బాగా కోస్తుందనుకోవడమూ పొరపాటే. మొత్తం మిశ్రమంలో పదోవంతు మించితే గ్లిసరాల్ 5 శాతం దాటి, కొన్ని ఎంజైములు కోయకూడని చోట్ల కూడా కోస్తాయి.

అపోహ: పీసీఆర్ మిషన్ మీద చేసిన వర్క్‌షాప్ సర్టిఫికెట్ ఉంటే చాలు.

పీసీఆర్ అంటే డీఎన్ఏ ముక్కకు ఎన్నో నకళ్లు తీయడం. ఆ యంత్రం చేసేది వేడి చేయడం, చల్లార్చడం. పని మీరు ట్యూబులో వేసిన దానిలో ఉంది. డీఎన్ఏ వేయకుండా నీళ్లు వేసిన ట్యూబు ఒకటి పక్కన పెట్టారా లేదా అనేది మేము ముందుగా చూస్తాం. ఆ ట్యూబులోనూ బ్యాండ్ (జెల్ మీద కనిపించే డీఎన్ఏ గీత) వస్తే ఎక్కడో కలుషితమైందని అర్థం, మిగతా బ్యాండ్లను నమ్మడానికి లేదు. అలాంటి నీళ్ల ట్యూబు (కంట్రోల్) లేని జెల్ ఫొటో ఎంత అందంగా ఉన్నా అది ఫలితం కాదు.

డీఎన్ఏను కరెంటుతో కదిపి చూసే జెల్ సంగతికి వస్తే, ఒక శాతం అంటే 50 మి.లీ.కి 0.5 గ్రాముల అగరోజ్, అదీ ఒకటి ఎక్స్ (వాడకానికి తగినట్టు పలచన చేసిన) టీఏఈ బఫర్‌లో. హడావుడిలో నీళ్లలో పోసేస్తే జెల్ గట్టిపడుతుంది కానీ డీఎన్ఏ సరిగ్గా కదలదు. డీఎన్ఏ ఎర్ర వైరు వైపు పరుగెత్తుతుంది కాబట్టి బావులు (డీఎన్ఏ పోసే గుంటలు) నల్ల వైరు వైపు ఉండాలి.

అపోహ: 260/280 నిష్పత్తి 1.8 వచ్చిందంటే డీఎన్ఏ బాగుంది.

260, 280 నానోమీటర్ల కాంతిని నమూనా ఎంతెంత పీల్చుకుందో చూపే నిష్పత్తి ఇది. 1.8 అంటే ప్రొటీన్ పెద్దగా లేదని మాత్రమే అర్థం. ముక్కలైపోయిన డీఎన్ఏ కూడా 1.8 చూపిస్తుంది. జెల్ మీద చూడాల్సిందే.

అపోహ: 12,000 ఆర్‌పీఎం అంటే ఏ సెంట్రిఫ్యూజ్‌లోనైనా ఒకటే.

రోటర్ వ్యాసార్థం 8 సెం.మీ. అయితే అది దాదాపు 12,900 జీ, 6 సెం.మీ. అయితే 9,700 జీ కూడా ఉండదు. జీ అంటే భూమి ఆకర్షణకు ఎన్ని రెట్ల బలమో చెప్పే అంకె. నోటుబుక్‌లో జీ రాయండి.

అపోహ: ఆటోక్లేవ్ టేపు మీద నల్లగీతలు వచ్చాయంటే అంతా స్టెరైల్.

ఆవిరి పీడనంతో క్రిములను చంపే యంత్రం ఆటోక్లేవ్. టేపు వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. లోపలున్నవి చచ్చాయో లేదో తెలియాలంటే జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా స్పోర్లున్న పరీక్ష సీసా పెట్టాలి. 15 పౌండ్ల పీడనం, 121 డిగ్రీలు, 15-20 నిమిషాలు అని పుస్తకంలో చదువుతాం. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది. ఇక్కడ గేజ్ 15 చూపినా లోపల వేడి ఒక డిగ్రీ వరకు తగ్గవచ్చు, అందుకే థర్మామీటర్ చూసి సమయం మొదలుపెట్టండి. దానికంటే పెద్ద తప్పు ఇంకోటుంది. లోపలి గాలి పూర్తిగా పోకముందే వాల్వ్ మూసేస్తారు. అప్పుడు పీడనం వస్తుంది, వేడి రాదు.

అయిపోయాక ఆవిరిని ఒక్కసారిగా వదిలితే మీడియా (క్రిములను పెంచే ద్రావణం) సీసాలోంచి పొంగిపోతుంది. యాంపిసిలిన్ అనే యాంటీబయోటిక్ కలపాలంటే మీడియా 50 డిగ్రీలకు, అంటే సీసా చేత్తో పట్టుకోగలిగేంత వరకు చల్లారాలి. వేడిగా ఉన్నప్పుడే కలిపితే మందు చెడిపోయి, రాకూడని కాలనీలు ప్లేటు నిండా మొలుస్తాయి.

అపోహ: లామినార్ ఫ్లో ముందు కూర్చుంటే మనకు రక్షణ.

అది వడకట్టిన గాలి వీచే బల్ల, మీ ప్లేటును కాపాడుతుంది. గాలి మీ ముఖం మీదికే వస్తుంది. రోగకారక క్రిములతో పని చేయాలంటే బయోసేఫ్టీ క్యాబినెట్ కావాలి. తుడవడానికి 70 శాతం ఆల్కహాల్ వాడండి. నీళ్లు లేని ఆల్కహాల్ త్వరగా ఆరిపోతుంది, క్రిములను అంత బాగా చంపదు.

అపోహ: పీహెచ్‌డీ చేయకపోతే ఉద్యోగం లేదు.

పరిశోధన చేయాలంటే పీహెచ్‌డీ కావాలి, అది నిజం. హబ్సిగూడలో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ 1977 నుంచి ఉండటంతో బయోటెక్ అంటే పరిశోధనే అనే భావన మనలో నాటుకుంది. కానీ 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను మార్కెట్లోకి తెచ్చింది కూడా ఈ ఊళ్లోనే. టీకా తయారీ అంటే ఫెర్మెంటర్ నడపాలి, ప్రొటీన్ శుద్ధి చేయాలి, ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించాలి. క్వాలిటీ కంట్రోల్‌లో డిగ్రీ, ఎమ్మెస్సీ వాళ్లు పనిచేస్తారు. పీజీకి ఉస్మానియా అయితే సీపీగెట్, ఐఐటీలకు జామ్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే కోర్సులకు గాట్-బీ ప్రవేశ పరీక్ష రాయాలి.

అపోహ: రికార్డు సెమిస్టర్ చివర్లో సీనియర్‌ది చూసి రాసుకోవచ్చు.

ఈ ఒక్క అలవాటు మానిపించగలిగితే చాలని మాకు అనిపిస్తుంది. సీనియర్ రికార్డులో ఉన్నది సీనియర్ రీడింగు. మీ బ్యాండ్ రాకపోతే రాలేదని రాయండి, ఏ ట్యూబులో ఏం వేశారో పక్కనే రాయండి. మందుల కంపెనీల్లో రాయని పని చేయని పనితో సమానం. పని జరుగుతుండగానే పెన్నుతో రాయాలి. రసాయనం సీసా మీద లాట్ నంబరు, గడువు తేదీ, ఏ పైపెట్, ఏ తూకం అనేవి అందులో ఉండాలి. తప్పు పడితే వైట్‌నర్ పూయరు. కింది అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ వేస్తారు. 0.106 బదులు 0.160 అని రాసిన చోట ఆ గీత ఉంటే, నెల తర్వాత తేడా వచ్చినప్పుడు ఎక్కడ జరిగిందో ఐదు నిమిషాల్లో దొరుకుతుంది.