మెమరీ వేగం వివాదం: 2007లో ఏం మారింది?

డీడీఆర్5-6000 (డీడీఆర్5 మెమరీ తరం, 6000 వేగం) అని రాసి ఉన్న మెమరీ, అంటే ర్యామ్, కొని, కంప్యూటర్‌లో అమర్చి, విండోస్‌లో కంప్యూటర్ పనితీరు చూపే టాస్క్ మేనేజర్ తెరిస్తే చాలామందికి 4800 అని కనిపిస్తుంది. మాడ్యూల్ నకిలీది కాదు, చెడిపోనూ లేదు. ఈ రెండు అంకెల మధ్య తేడా మీదే అమెరికాలో కొనుగోలుదారులు మెమరీ కంపెనీలపై సామూహిక వ్యాజ్యాలు వేశారు. కోర్సెయిర్ 55 లక్షల డాలర్లకు, ఆ తర్వాత జీ.స్కిల్ 24 లక్షల డాలర్లకు రాజీకి వచ్చాయి. తప్పు చేశామని రెండూ ఒప్పుకోలేదు. దాంతో పాత వాదన మళ్లీ రాజుకుంది. బయాస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌లో, ఒక ఎంపిక మార్చుకోవాలని తెలియనివారిది పొరపాటా, మార్చుకోవాలని స్పష్టంగా చెప్పకుండా అమ్మినవారిదా?

కంప్యూటర్ మెమరీ పుట్టుక దగ్గర నుంచి చెప్పుకోనవసరం లేదు. గొడవ మూలం 2007, 2008 సంవత్సరాల్లో ఉంది.

మెమరీకి ఉమ్మడి ప్రమాణాలు రాసే సంస్థ జెడెక్. ప్రతి మాడ్యూల్ మీద ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. జెడెక్ ప్రమాణం ప్రకారం ఆ మాడ్యూల్ ఏ వేగంతో, ఏ వోల్టేజితో నడవాలో అందులో రాసి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డు దాన్ని చదివి, ఆ అంకెలకే కట్టుబడుతుంది. డీడీఆర్4కు 1.2 వోల్టులు, డీడీఆర్5కు 1.1 వోల్టులు. ప్రమాణాన్ని మించిన వేగాల మాడ్యూళ్లు 2007కు ముందూ దొరికేవి. కాకపోతే కొన్నవారు వేగం, టైమింగులు (ఒక్కో పనికి ఎన్ని క్లాక్ చక్రాలు ఆగాలనే లెక్కలు), వోల్టేజి బయాస్‌లో ఒక్కొక్కటిగా తామే ఎక్కించుకోవాలి. చేస్తున్నది ఓవర్‌క్లాకింగ్, అంటే నిర్ణీత వేగాన్ని మించి నడపడం, అని వారికి తెలుసు. తెలిసే కొనేవారు.

2006లో ఎన్‌విడియా, కోర్సెయిర్ కలిసి ఈపీపీ పేరుతో, 2007లో ఇంటెల్ ఎక్స్‌ఎంపీ పేరుతో ఈ పనిని సులువు చేశాయి. ప్రమాణాన్ని మించిన అంకెలను కూడా ముందే ఆ ఎస్‌పీడీ చిప్‌లోనే రాసిపెట్టి, ఒక్క ఎంపికతో అమలయ్యేలా చేశారు. ఇలా రాసిపెట్టిన అంకెల కూర్పే ప్రొఫైల్. సదుపాయంగా ఇది గొప్పదే. అయితే దీనితో పాటు ఇంకొకటి జరిగింది. అప్పటిదాకా వాడేవారి సాహసంగా ఉన్న వేగం వస్తువు పేరుగా మారింది. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది ప్రొఫైల్ అంకె. మాడ్యూల్ తనంతట తాను నడిచే వేగం ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటే ఉంది, లేకపోతే లేదు.

మరుసటి ఏడాది రెండో మార్పు. మెమరీతో డేటా రాకపోకలు నడిపే మెమరీ కంట్రోలర్ అంతకు ముందు ఇంటెల్ మదర్‌బోర్డుల్లో వేరే చిప్‌లో ఉండేది. పోటీ ప్రాసెసర్ కంపెనీ ఏఎండీ 2003లోనే దాన్ని ప్రాసెసర్‌లోకి తెచ్చింది. 2008లో నెహాలెం తరం ప్రాసెసర్లతో ఇంటెల్ కూడా అదే దారి పట్టింది. మెమరీకి 1.65 వోల్టులు దాటి ఇస్తే ప్రాసెసరే దెబ్బతినవచ్చని అప్పుడే హెచ్చరించింది కూడా. అంటే మెమరీ ప్రొఫైల్ ఆన్ చేయడం ప్రాసెసర్‌ను దాని హద్దు దాటించడంతో సమానమైంది. మెమరీ కంపెనీ పరీక్షించి హామీ ఇచ్చేది తన మాడ్యూల్‌కే, మీ ప్రాసెసర్‌కు కాదు. ప్రాసెసర్ కంపెనీ మాట ఇంకా కఠినం. ఏఎండీ 2022లో రైజెన్ 7000 ప్రాసెసర్లతో తెచ్చిన ఎక్స్‌పో అనే సొంత ప్రొఫైల్ పద్ధతినే తీసుకోండి. ప్రకటించిన హద్దులు దాటి నడిపితే, తాను ఇచ్చిన సాధనాలతోనే దాటినా సరే, వారంటీ చెల్లదని అదే కంపెనీ షరతు. వేగం పేరుతో అమ్మకం ఒకరిది, సదుపాయం ఇంకొకరిది, నష్టభయం మాత్రం కొన్నవారిది.

ఇది కాగితం మీది భయం కాదని 2023 ఏప్రిల్‌లో తేలింది. కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయాయి. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు కొన్ని మదర్‌బోర్డులు మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి ఇచ్చే ఎస్ఓసీ వోల్టేజిని అతిగా పెంచడం ఒక కారణమని బయటపడింది. ఏఎండీ కొత్త బయాస్‌లతో ఆ వోల్టేజిని 1.3 వోల్టుల దగ్గర కట్టడి చేసింది. ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టే ముందు బయాస్ తాజాగా ఉందో లేదో చూడమని అందరూ చెప్పడం వెనక ఉన్నది ఈ అనుభవమే.

కంపెనీల వాదన చిన్నదే. ముద్రించిన వేగం పరీక్షించి చూసినదే, తగిన బోర్డు, ప్రాసెసర్ ఉంటే వస్తుంది. అది నిజమే. కానీ ఆ 'తగిన' అనే మాటలో ఎంత ఇమిడి ఉందో కొత్తవారికి ఎలా తెలుస్తుంది? రైజెన్ 7000కు ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం రెండు మాడ్యూళ్లతో 5200, నాలుగు పెడితే 3600. నాలుగు 6000 మాడ్యూళ్లు కొన్నవారు ఈ లెక్క ముందే చూసి ఉండాలని ఆశించడం న్యాయం కాదు.

అంకెల గందరగోళమూ తోడైంది. డీడీఆర్ ఒక్కో క్లాక్ చక్రంలో రెండుసార్లు డేటా పంపుతుంది. 6000 అంటే సెకనుకు 6000 మెగాట్రాన్స్‌ఫర్లు (ఒక్కోటి పది లక్షల బదిలీలు), అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జ్. ఏళ్ల తరబడి దాన్ని 6000 మెగాహెర్ట్జ్ అనే రాశారు. విండోస్ టాస్క్ మేనేజర్ కూడా 2024 దాకా అలాగే చూపింది. అసలు క్లాక్‌ను చూపే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో 3000 చూసి సగం వేగమే వస్తోందని హడలిపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. మరో చిక్కు లేటెన్సీ, అంటే అడిగిన డేటా రావడం మొదలయ్యేదాకా పట్టే ఆలస్యం. సీఎల్ పక్కనున్న అంకె దాన్ని క్లాక్ చక్రాల్లో చెబుతుంది. డీడీఆర్4-3200 సీఎల్16, డీడీఆర్5-6000 సీఎల్30 రెండింటికీ ఆ ఆలస్యం 10 నానోసెకన్లే. వేగం పెరిగితే అంతే సమయంలో ఎక్కువ డేటా వస్తుంది, మొదటి బైటు త్వరగా రావాలని లేదు.

కాబట్టి మొదటిసారి ప్రయత్నించేవారు చేత్తో అంకెలు మార్చే జోలికి పోవద్దు. ఒకే పెట్టెలో కలిపి అమ్మిన జత తీసుకోండి. రెండు వేర్వేరు జతలు కలపకండి. నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండోది, నాలుగోది వాడాలి. ముఖ్యమైన ఫైళ్లు ముందే వేరేచోట దాచి, బయాస్ తాజా చేసి, ప్రొఫైల్ ఒక్కటే ఆన్ చేయండి. డీడీఆర్5 మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంచుతుంది. అది బోర్డు మెమరీకి తగ్గట్టు సర్దుకునే మెమరీ శిక్షణ దశ, కంగారుపడి కరెంటు తీయవద్దు. ఎంతకీ మొదలవకపోతే మాన్యువల్‌లో చెప్పినట్టు సీమాస్ (బయాస్ అమరికలు దాచే చోటు) క్లియర్ చేస్తే పాత అమరికలు తిరిగొస్తాయి.

మొదలైంది కదా అని వదిలేయడమే అసలు ప్రమాదం. మెమరీ తప్పులు ఎప్పుడూ నీలి తెరతో, అంటే విండోస్ ఆగిపోయినప్పుడు వచ్చే తెరతో, చెప్పి రావు. కాపీ చేసిన ఫొటోలో, సేవ్ చేసిన ఫైల్‌లో చప్పుడు లేకుండా బిట్లు మారిపోతాయి. డీడీఆర్5 చిప్‌లలోనే ఉండే దోష సవరణ చిప్ లోపలి లోపాలకే, ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో జరిగే తప్పులను అది ఆపదు. అందుకే మెమ్‌టెస్ట్86 లాంటి పరీక్ష రాత్రంతా నడపాలి. ఒక్క తప్పు కనిపించినా ఆ అమరిక పనికిరాదు. అప్పుడు వోల్టేజి పెంచకండి, వేగం 5600కు దించండి.

రాజీలో భాగంగా జీ.స్కిల్ తన వేగాలను 'గరిష్ఠంగా' అనే మాటతో చూపడానికి, ఓవర్‌క్లాకింగ్ లేదా బయాస్ మార్పు అవసరమని చెప్పడానికి ఒప్పుకుంది. 2007లోనే పెట్టె మీద ఉండాల్సిన మాట ఇది. ఆ మార్పు అక్కడితో ఆగకూడదు. ప్రొఫైల్ ఆన్ చేయకపోతే వచ్చే వేగాన్నీ, ప్రాసెసర్ వారంటీపై పడే ప్రభావాన్నీ అదే పరిమాణం అక్షరాల్లో ముద్రించాలి.