చీలమండ బెణికిన అమ్మాయికీ, ఆమె జట్టుకీ

విజయనగరం,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవులకు ఆశీస్సులు.

పోయిన శనివారం మన సిమెంటు కోర్టులో బాస్కెట్‌బాల్ ఆడుతుంటే జరిగింది మీరందరూ చూశారు. రీబౌండ్ కోసం, అంటే రింగుకి తగిలి వెనక్కొచ్చిన బంతి కోసం, ఎగిరిన పిల్ల తిన్నగా ఇంకో పిల్ల బూటు మీద దిగింది. పాదం లోపలికి మడతపడిపోయింది. తర్వాత మీరు చేసిన హడావుడి కూడా చూశాను. ఒకరు బామ్ రుద్దారు, ఇంకొకరు వేళ్ళు పట్టుకుని లాగబోయారు, మూడోవాడు వేడినీళ్ళ కోసం పరిగెత్తాడు. ఇంటికెళ్ళాక నాయనమ్మ "ఏటయిపోనాదే తల్లీ" అంటూ పసుపూ సున్నం పట్టు వేసేసింది. ఇవాళ పొద్దున్నే ఫోను: "మాస్టారూ, నొప్పి పోయింది. వచ్చే ఆదివారం చీలమండకి ఆసరాగా కట్టే బ్రేస్ వేసుకుని ఆడేస్తాను."

ఫోన్లో "వద్దమ్మా" అని ఊరుకున్నాను. ఎందుకు వద్దో చెప్పడానికి ఫోను చాలదు.

మీ చీలమండ బయటివైపు ఎముక గుబ్బలా పొడుచుకొచ్చి ఉంటుంది, చేత్తో తడిమి చూడండి. ఆ గుబ్బని పాదంతో కట్టి ఉంచేవి మూడు లిగమెంట్లు. నులక తాళ్ళనుకోండి. లోపలివైపు మాత్రం ఒకే వెడల్పాటి దిట్టమైన పట్టీ ఉంటుంది. అందుకే కాలు మడతపడితే చాలాసార్లు దెబ్బ తినేది బయటి తాళ్ళే. వాటిలోనూ ముందువైపున్నదే బాగా బలహీనం. పైగా ఎగిరి దిగేటప్పుడు మునివేళ్ళు కిందికి వంగి ఉంటాయి. ఆ భంగిమలో కీలు వదులుగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే కింద ఎవరిదో బూటు.

ఆ తాళ్ళు కట్టి ఉంచడమే కాదు, ఇంకో పని కూడా చేస్తాయి. పాదం ఏ వాలులో ఉందో క్షణక్షణం మెదడుకి కబురు పంపుతుంటాయి. బెణికాక ఆ కబురు మందగిస్తుంది. పాదం మడతపడుతోందని మెదడుకి తెలిసేసరికే అది మడతపడిపోయి ఉంటుంది. నొప్పి వారం పది రోజుల్లో పోవచ్చు. లిగమెంటు అతుక్కోవడానికి వారాలు, గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఒకసారి బెణికిన కాలు మళ్ళీ బెణికే ప్రమాదం ఎక్కువ అనేది అందుకే.

ఇది నాకు పుస్తకం చదివితే తెలిసింది కాదు. కాలేజీ రోజుల్లో నాకూ ఇలాగే అయింది. పదో రోజున క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని ఫైనల్ ఆడాను. మళ్ళీ అదే కాలు. ఆ ఏడాదిలోనే మూడోసారి. ఇప్పుడు రామతీర్థం కొండ మెట్లు ఎక్కుతుంటే బాగానే ఉంటుంది, దిగుతుంటే మాత్రం ఎడమకాలు నా మాట వినదు. మా ఆవిడ చెయ్యి పట్టుకుని దింపుతుంది. ఆ ఫైనల్ కూడా మేం ఓడిపోయాం, అది వేరే సంగతి.

ఇక బ్రేసుల విషయం. మందుల షాపులో అడిగితే సాధారణంగా చేతిలో పెట్టేది గొట్టం మేజోడు లాంటి ఎలాస్టిక్ తొడుగు. నేనూ ఒకటి కొన్నాను. వెచ్చగా ఉంటుంది, వాపు కొంచెం అణుగుతుంది, "ఏదో వేసుకున్నాం" అనే ధైర్యం ఉంటుంది. పాదం తిరగకుండా ఆపే సత్తా మాత్రం దానికి లేదు. ఆటకి పనికొచ్చేవి రెండు రకాలు. ఒకటి బూటులాగా లేసులు కట్టుకునేది, పైన ఎనిమిది అంకె ఆకారంలో చుట్టే పట్టీలుంటాయి. రెండోది రెండు పక్కలా గట్టి ప్లాస్టిక్ పలకలుండి, పాదాన్ని పైకీ కిందికీ ఆడనిచ్చి పక్కలకి మాత్రం తిరగనివ్వనిది. కాలికి అంటించి చుట్టే టేపు కూడా బాగానే పట్టుకుంటుంది కానీ, చుట్టడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి. మన ఉక్కపోతలో, ఆ చెమటకి, అరగంట ఆటకే అది వదులైపోతుంది.

బ్రేస్ నిజంగా పనిచేస్తుందా అంటే, చేస్తుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1,460 మంది హైస్కూలు బాస్కెట్‌బాల్ పిల్లల్ని ఒక సీజనంతా గమనించి 2011లో ఫలితాలు అచ్చువేశారు. లేసుల బ్రేస్ వేసుకున్నవాళ్ళలో చీలమండ గాయాలు మిగతావాళ్ళలో అయినదాంట్లో మూడో వంతుకి తగ్గాయి. కానీ బ్రేస్ ఉన్నా బెణికినవాళ్ళకి గాయం తీవ్రతలో పెద్ద తేడా లేదు. "బ్రేస్ వేసుకుంటే కాలు బలహీనమవుతుంది" అని ఎవరో మీ చెవిలో ఊదారట. ఆటలో వేసుకుని ఇంటికొచ్చి విప్పేసేవాళ్ళకి ఆ భయం అక్కర్లేదు. అలాగని బ్రేసే బలం అనుకోకండి. పక్కనే ఉన్న కొండవెలగాడ ఊళ్ళో పేరు మోసిన వెయిట్ లిఫ్టర్లు తయారయ్యారు. నడుముకి బెల్టు బిగించినంత మాత్రాన వాళ్ళకి ఆ బలం వచ్చిందంటారా?

కొనేముందు చీలమండ చుట్టుకొలత కొలత టేపుతో తీసుకుని, డబ్బా మీది పట్టికతో సరిచూడండి. బూటు సైజు చెప్పి తెచ్చుకుంటే నాకు జరిగినట్టే రెండోసారి షాపుకి తిరగాలి. ముందు పలచటి మేజోడు వేసుకుని, మడమని బ్రేసు వెనక్కి ఆనించి, పాదాన్ని కాలికి లంబంగా పెట్టి లేసులు బిగించాలి. పాదం వేలాడేసి బిగిస్తే లేచి నిలబడగానే వదులైపోతుంది. వేళ్ళు తిమ్మిరెక్కినా, రంగు మారినా కాస్త సడలించాలి. హాఫ్‌టైమ్‌లో మళ్ళీ ఒకసారి బిగించుకోవాలి.

మళ్ళీ ఎవరికైనా కాలు మడతపడితే రుద్దకండి, లాగకండి, మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం పెట్టకండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టి తీసేయండి. చేపల బండివాణ్ణి అడిగినా ఐసు ఇస్తాడు, వాసన మీరు భరించాలంతే. క్రేప్ బ్యాండేజీ చుట్టి, పడుకున్నప్పుడు కాలు రెండు దిండ్ల మీద ఎత్తులో ఉంచండి. రెండు మూడు రోజులకి నలుపు వేళ్ళదాకా దిగితే కంగారు పడొద్దు. లోపల కారిన రక్తమే కిందికి జారుతుంది.

ఎక్స్‌రే కావాలో వద్దో తేల్చడానికి డాక్టర్లకి 1992 నుంచీ ఒక పద్ధతి ఉంది. కెనడాలోని ఒట్టావా నగరంలో తయారైంది కాబట్టి ఆ ఊరి పేరే పెట్టారు. కుంటుతూనైనా నాలుగడుగులు వెయ్యలేకపోతే, లేదా చీలమండకి లోపలా బయటా ఉన్న రెండు గుబ్బల వెనక అంచున కానీ, పాదం బయటి అంచు మధ్యలో పొడుచుకొచ్చిన ఎముక మీద కానీ, లోపలివైపు పాదం వంపు పైనున్న ఎముక మీద కానీ నొక్కితే నొప్పి పుడితే, ఎక్స్‌రే తీయించాల్సిందే. మీకు ఇంకో చిక్కుంది. ఎదిగే పిల్లల ఎముక చివర మెత్తటి ఎదుగుదల పలక ఉంటుంది. అది ఒక్కోసారి లిగమెంటు కంటే ముందే దెబ్బతింటుంది. కాబట్టి బెణుకేలే అని ఇంట్లోనే తేల్చెయ్యకండి. నాయనమ్మ పట్టు లోపలి ఎముకని చూడలేదు కదా.

అమ్మడూ, ఇక ఇది నీకోసం. కూర్చుని ఆ కాలి బొటనవేలితో గాల్లో అ నుంచి ఱ దాకా రాయి. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కదా, చీలమండ అన్నివైపులా తిరుగుతుంది. 'ఋ' దగ్గర నీకే నవ్వొస్తుంది. తర్వాత పాత సైకిల్ ట్యూబు ముక్కని మంచం కోడుకి కట్టి, పాదంతో బయటివైపుకి లాగు. పళ్ళు తోముకుంటున్నంతసేపూ ఆ ఒక్క కాలి మీదే నిలబడు. అది కుదిరాక కళ్ళు మూసుకుని, పక్కన గోడ ఉండేలా చూసుకో. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడి బంతి పట్టుకో. మందగించిన ఆ కబురు మళ్ళీ చురుగ్గా అందేది వీటితోనే. బాగున్న కాలి ఒక్కదాని మీదే ఎంత దూరం దూకగలవో దెబ్బ తిన్న కాలితోనూ అంత దూరం దూకి, పరుగులో ఒక్కసారిగా ఆగి, పక్కకి తిరిగి, ఎగిరి దిగినా నొప్పి లేకపోతే, అప్పుడు మ్యాచ్ గురించి మాట్లాడదాం. ఆ తర్వాత కూడా ఆరు నెలలకి తక్కువ కాకుండా ఆటలో బ్రేస్ ఉండాల్సిందే.

ఇదేదో మనలాంటివాళ్ళకే అనుకోకు. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు స్టీఫెన్ కర్రీకి 2011లో చీలమండకి ఆపరేషనైంది. 2011-12 సీజన్లో గాయాల వల్ల 26 మ్యాచ్‌లే ఆడి, 2012లో మళ్ళీ ఆపరేషన్ చేయించుకున్నాడు. 2015లో ఛాంపియనయ్యాడు. ఆటలో ఇప్పటికీ అతని బూట్లలోంచి బ్రేసులు కనిపిస్తుంటాయి.

మిగతావాళ్ళకి: రింగు కింద నుంచున్నప్పుడు పక్కవాళ్ళు దిగే చోటికి కాలు చాపొద్దు. దిగేటప్పుడు రెండు కాళ్ళ మీదా, మోకాళ్ళు వంచి దిగండి. ఆటకి ముందు కోర్టు ఊడ్వడం ఇక నుంచి వంతులవారీగా. మొన్న పోస్టు దగ్గర చారెడు గులకరాళ్ళు ఏరాను.

ఆదివారం పొద్దున్న ఆరింటికి అందరూ కోర్టుకి రండి. రెండు బ్రేసులు తెచ్చి పెట్టాను, లేసులు కట్టడం చూపిస్తాను. అమ్మడూ, నువ్వూ రా. స్కోరు రాయడానికి నోటుబుక్కు తెచ్చుకో.

మీ
డ్రిల్లు మాస్టారు