పాత బెంజి లారీకి ఇంజన్ పని: మొదటి స్టార్టింగ్‌పై అపోహలు - వాస్తవాలు

టాటా వాళ్ల టెల్కో కంపెనీకీ జర్మనీ డైమ్లర్ బెంజ్‌కీ లారీల తయారీ ఒప్పందం 1954లో మొదలై 1969 దాకా నడిచింది. ఆ కాలంలో జంషెడ్‌పూర్ నుంచి వచ్చిన నక్షత్రం గుర్తు లారీల్ని మనవాళ్లు ఇప్పటికీ బెంజి లారీ అనే అంటారు. తాత నడిపిన బండి అని కొందరు, షూటింగులకి అద్దెకి తిప్పొచ్చని కొందరు వాటిని మళ్లీ బాగుచేయిస్తున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చే వాటిలో కొన్నిటికి అసలు బెంజి 312 ఇంజనే ఉంటుంది, మిగతావాటికి ఎప్పుడో టాటా 692 ఎక్కించేసి ఉంటారు. (692 అంటే 6 సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు. 697 అయితే బోరు 97.) విప్పడానికి, బోరు చేయించడానికి, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగుకి నెలలు పట్టినా ఓనరు ఏమీ అనడు. స్టార్ట్ చేసే రోజు మాత్రం అందరికీ తొందరే. ఇక్కడ రాసినవన్నీ ఆ రోజు నేను వినే మాటలే.

అపోహ: బేరింగులకి ఆయిల్ రాసే బిగించాం, స్టార్ట్ అయ్యాక పంపు ఎలాగూ ఎక్కిస్తుంది.

వాస్తవం: కొత్త ఇంజన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మెయిన్ బేరింగుకీ జర్నల్‌కీ (అందులో తిరిగే క్రాంకు భాగానికీ) మధ్య ఖాళీ మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు. క్రాంకు తిరిగేటప్పుడు ఆ సందులో ఒత్తిడితో నిలిచే ఆయిల్ పొర మీదే బరువంతా ఆగుతుంది. కూర్చేటప్పుడు రాసిన ఆయిల్, పెయింటింగు, వైరింగు అయ్యేసరికి చాలావరకు కిందికి జారిపోయి ఉంటుంది. ఆయిల్ పంపు ఖాళీ, ఫిల్టర్ ఖాళీ, గ్యాలరీ (ఆయిల్ పారే దారి) ఖాళీ. మంట అంటుకుని ఇంజన్ నిమిషానికి వెయ్యి చుట్లలోకి వెళ్లాక ఆయిల్ రావడం మొదలైతే, ఆలోపే బేరింగు మెటల్ గీసుకుపోతుంది.

మేం చేసేది ఇది. ఫిల్టర్‌ని ఆయిల్‌తో నింపి బిగిస్తాం. డీజిల్ చిమ్మే నాజిల్స్ ఆరూ బయటికి తీస్తాం. కంప్రెషన్ లేదు కాబట్టి సెల్ఫ్ తేలిగ్గా తిప్పుతుంది, బేరింగుల మీద బరువూ ఉండదు. డీజిల్ ఆపే స్టాప్ కేబుల్ లాగి పెట్టి పదిహేను సెకన్లు తిప్పడం, సెల్ఫ్ చల్లారడానికి ఒకట్రెండు నిమిషాలు ఆగడం, మళ్లీ తిప్పడం. గేజ్ ముల్లు లేస్తే సరిపోదు, రాకర్ కవర్ తీసి, వాల్వుల్ని నొక్కే రాకర్ల దగ్గరికి ఆయిల్ వచ్చిందో లేదో కళ్లతో చూడాలి. ఎంతకీ రాకపోతే గ్యాలరీ ప్లగ్ విప్పి, ప్రెషర్ డబ్బాతో బయటినుంచి ఆయిల్ ఎక్కించాలి. ఓపిక ఉంటే మొదటే అలా చేయడం ఇంకా మంచిది. డీజిల్ పంపుని కూడా మర్చిపోకండి. పాత మైకో కంపెనీ వరస పంపుల్లో చాలావాటికి కామ్ పెట్టెలో తన సొంత ఆయిల్ ఉండాలి. సర్వీసుకి వెళ్లొచ్చిన పంపు ఖాళీగానే వస్తుంది.

ముహూర్తం సంగతీ ఇక్కడే చెప్పాలి. తొమ్మిదిన్నరకి ముహూర్తం, పంతులుగారు వచ్చేశారు, గుమ్మడికాయ సిద్ధంగా ఉంది, ఆయిల్ ప్రెషర్ మాత్రం రాలేదు. అలాంటప్పుడు ఓనరుగారి చేతనే సెల్ఫ్ నొక్కిస్తాం, స్టాప్ కేబుల్ లాగి ఉంచుతాం. ఇంజన్ తిరిగింది, కొబ్బరికాయ పగిలింది, ప్రైమింగూ (ఆయిల్ ముందే ఎక్కించడం) జరిగింది. మంట సంగతి మధ్యాహ్నం చూసుకోవచ్చు.

అపోహ: సెల్ఫ్ కూడా తిప్పలేనంత బిగుతుగా ఉంటే పని గట్టిగా చేసినట్టు.

వాస్తవం: ఇంకేదో తేడా చేసినట్టు. మెయిన్ క్యాపు ఒక్కోటీ బిగించినప్పుడల్లా క్రాంకు చేత్తో తిప్పి చూసుంటే, ఎక్కడ పట్టిందో అప్పుడే తెలిసేది. అంతా కూర్చాక నాజిల్స్ లేకుండా బార్‌తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. రెండు చుట్లకి గానీ ప్రతి వాల్వూ ఒకసారి తెరిచి మూయదు. రింగుల రాపిడి మొదటినుంచి చివరదాకా ఒకేలా ఉంటుంది. ఒకచోట ఠక్కున ఆగితే బలం చూపించకండి, టైమింగ్ గేర్ల గుర్తులు మళ్లీ చూడండి.

అపోహ: సెల్ఫ్‌తో బాధ ఎందుకు, ఇంకో లారీకి కట్టి లాగిస్తే చాలు.

వాస్తవం: సెల్ఫ్ నెమ్మదిగా తిప్పుతుంది కాబట్టే తప్పుంటే దొరుకుతుంది. లాగినప్పుడు వేగం మీ చేతిలో ఉండదు. వాల్వు పిస్టన్‌కి తగిలేదుంటే ఒక్క దెబ్బకి వంగిపోతుంది. పైగా ఇంజన్ తిరగకపోతే బ్రేకుకి వాక్యూమో గాలో తయారు కాదు, ముందున్న లారీ ఆగితే వెనక బండి ఆగదు.

స్టార్ట్ కాకపోవడానికి కారణం చాలాసార్లు లైన్లో గాలి. ఫీడ్ పంపు మీది హ్యాండ్ ప్రైమర్‌తో కొడుతూ ముందు ఫిల్టర్ దగ్గర, తర్వాత పంపు దగ్గర స్క్రూ వదులు చేసి బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా గాలి తీయాలి. చివరికి సెల్ఫ్ తిప్పుతూ నాజిల్ పైపు నట్లు. గొట్టాలు సిలిండర్ నంబర్ల ప్రకారమే పెట్టారా అన్నదీ చూడండి, ఫైరింగ్ వరస 1-5-3-6-2-4. స్ప్రే వస్తోందా అని నాజిల్ ముందు చెయ్యి మాత్రం పెట్టకండి. వంద బార్లకి పైబడిన ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని గుచ్చి లోపలికి వెళ్లిపోతుంది. పైకి సూది పోటులా కనిపిస్తుంది, కానీ వెంటనే ఆసుపత్రికి వెళ్లకపోతే వేలే పోవచ్చు.

అపోహ: గుడ్డని పెట్రోల్‌లో తడిపి గాలి గొట్టం దగ్గర పెడితే టక్కున అందుకుంటుంది.

వాస్తవం: అందుకుంటుంది, అదే భయం. పెట్రోలైనా ఈథర్ స్ప్రే అయినా అదుపు లేకుండా ముందే అంటుకుని పిస్టన్ మీద సుత్తి దెబ్బ వేస్తుంది, రింగు గాడులు పగులుతాయి. కొత్త బోరుకి పట్టిన ఆయిల్‌ని కడిగేస్తుంది. 312 ప్రీ చాంబర్ ఇంజను, అంటే డీజిల్ ముందు ఒక చిన్న గదిలో అంటుకుంటుంది; దాన్ని వేడిచేసే గ్లో ప్లగ్గులుంటాయి. అవి ఎర్రగా కాలి ఉండగా ఈ పని చేస్తే మంట గాలి గొట్టంలోంచి వెనక్కి తన్నుతుంది. చలికి అందుకోవట్లేదంటే గ్లో ప్లగ్గులే చూడండి. పాత పద్ధతిలో అన్నీ సిరీస్‌లో ఉంటాయి, ఒకటి కాలిపోతే ఆరూ పనిచేయవు.

అపోహ: స్టాప్ కేబుల్ ఉంది కదా, ఏమైనా అయితే ఆపేయొచ్చు.

వాస్తవం: స్టాప్ కేబుల్ ఆపేది డీజిల్‌నే. పంపు ర్యాక్ (డీజిల్ ఎంత పడాలో మార్చే కడ్డీ) ఇరుక్కుపోతే కేబుల్ లాగినా కదలదు. న్యూమాటిక్ గవర్నర్ (వాక్యూమ్‌తో వేగాన్ని అదుపు చేసేది) ఉన్న పంపుకి వాక్యూమ్ గొట్టం ఊడినా, డయాఫ్రమ్ చిరిగినా ర్యాక్ నేరుగా ఫుల్‌కి వెళ్లిపోతుంది. ఇంకొకటి చాలామందికి తట్టదు. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్‌లో గుర్తుకి మించి ఆయిల్ పోస్తే, ఇంజన్ ఆ ఆయిల్‌నే పీల్చి దాంతోనే పరుగెడుతుంది. అప్పుడు డీజిల్ ఆపి లాభం లేదు. గాలి ఆపాలి. అందుకే మొదటి స్టార్ట్‌కి ఎయిర్ క్లీనర్ తీసేసి, గొట్టం మూతికి సరిపడే చెక్క పలకకి రబ్బరు అతికించి, ఒక మనిషిని అక్కడే నిలబెడతాం. చేత్తోనో గుడ్డతోనో మూయబోతే లోపలికి లాగేస్తుంది.

అపోహ: కొత్త ఇంజన్‌ని రాత్రంతా ఐడిలింగ్‌లో వదిలితే రింగులు సెట్టవుతాయి.

వాస్తవం: ఈ మాట మా పెద్ద మేస్త్రీలు కూడా అంటారు. గౌరవం ఉంచుకునే కాదంటాను. రింగుని బోరుకి గట్టిగా అదిమేది దాని వెనక చేరే మంట ఒత్తిడి. ఐడిలింగ్‌లో డీజిల్ కొంచెమే పడుతుంది, ఆ ఒత్తిడి ఉండదు. హోనింగ్‌లో (బోరుని రాతితో రుద్దడంలో) పడిన గీతల కొసలు అరగాల్సింది మొదటి గంటల్లోనే. అవి అరగకుండా ఆయిల్ కాలి బోరు మీద గాజు పూతలా పేరుకుంటే ఆ ఇంజన్ ఎప్పటికీ ఆయిల్ తాగుతుంది. మళ్లీ విప్పి హోన్ చేయడమే దారి. కాలని డీజిల్ కిందికి దిగి చాంబర్‌లో (ఇంజన్ కింది తొట్టిలో) ఆయిల్‌నీ పలచన చేస్తుంది.

యూట్యూబ్ చూసొచ్చే కుర్రాళ్లది ఇంకో వరస: స్టార్టవ్వగానే 2000 చుట్లకి రేజ్ చేసి 20 నిమిషాలు ఉంచాలట. అది గట్టి స్ప్రింగులున్న అమెరికా పెట్రోల్ వి8 ఇంజన్లలో కామ్ షాఫ్టూ టాపెట్లూ పాడవకుండా పెట్టుకున్న నియమం. మన లారీ ఇంజన్ గరిష్ఠ వేగమే 2800, 3000 దగ్గర. 800 నుంచి 1000 చుట్ల మధ్య ఉంచి, గేజ్ చూస్తూ, లీకులు వెతుకుతూ నీళ్లు వేడెక్కనివ్వండి. వేడెక్కాక రోడ్డెక్కించండి. గన్నవరం వైపు హైవే మీద కాస్త బరువుతో, వేగం మారుస్తూ, గేరు దించాల్సిన చోట దించి మూలగనివ్వకుండా నడిపితే రింగులు కూర్చుంటాయి.

అపోహ: పొగ వస్తోందంటే పని చెడినట్టే.

వాస్తవం: మొదటి పావుగంట నీలిపొగ కూర్పులో రాసిన ఆయిల్‌దే. కళ్లు మండే తెల్లపొగ అయితే చల్లటి ఇంజనో, ఆలస్యమైన డీజిల్ టైమింగో. వేడెక్కాక కూడా తెల్ల ఆవిరి వస్తూ రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే మాత్రం ఆపేయండి, హెడ్ గ్యాస్కెట్ చూడాలి.

అపోహ: మన ఎండలకి థర్మోస్టాట్ తీసేయాలి, ఆయిల్ చిక్కటిది పోయాలి.

వాస్తవం: రెండూ తప్పే. థర్మోస్టాట్ తీస్తే ఇంజన్ సరైన వేడికి రాదు, బోరు త్వరగా అరుగుతుంది. బైపాస్ దారి ఉన్న ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌కి పోకుండా అక్కడక్కడే తిరిగి, ఎక్కువ వేడెక్కడమూ ఉంది. చిక్కటి ఆయిల్ సన్నటి సందులకి ఆలస్యంగా చేరుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడే పోయండి.

ఇంజన్ ఒకసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక హెడ్ బోల్టులు వరసలో మళ్లీ టార్క్ చేసి, తర్వాత టాపెట్ గ్యాప్ (రాకర్‌కీ వాల్వుకీ మధ్య ఖాళీ) పెట్టాలి. హెడ్ కిందికి దిగితే గ్యాప్ మారుతుంది కాబట్టి ఈ వరస తిప్పకూడదు. మొదటి ఆయిల్ 500 కిలోమీటర్లలోపే దించేసి, ఫిల్టర్‌ని కోసి చూస్తాం. సన్నటి మెరుపు పొడి మామూలే. గోటికి తగిలే రేకు ముక్క కనిపిస్తే బండి షెడ్డులోనే ఉంటుంది, చాంబర్ విప్పుతాం.